“ఎవరు పగలగొట్టాలి సార్?”: ఇంగ్లీషు క్లాసులో పాటలు, ఆటలు, ప్రాజెక్టుల మీద ఇద్దరు టీచర్ల వాదన

మాది పత్తి పండే ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూలు. ఇంగ్లీషు చెప్పేవాళ్ళు ఇద్దరు. సార్ 1998 డీఎస్సీ, మేడం 2024 డీఎస్సీ. వయసు చూసి ఎవరు ఏ పక్షమో ఊహిస్తే పొరపాటు పడతారు. పాటలు, ఆటలు, ప్రాజెక్టులు అనేది పెద్దాయన. గ్రామర్ గట్టిగా చెప్పాలనేది కొత్తగా వచ్చిన మేడం. ఒకరోజు ఇద్దరికీ ఒకే పీరియడ్ లీజర్ దొరికింది. స్టాఫ్ రూమ్‌లో మొదలైన మాటల్ని నేను గుర్తున్నంతవరకు రాస్తున్నాను. నేను బయాలజీ చెబుతాను. మా రాష్ట్రంలో 2022-23 నుంచి ప్రభుత్వ బడులు ఇంగ్లీషు మీడియంలోకి మారుతూ వచ్చాయి. ఇంగ్లీషు క్లాసులో ఏమీ రాకపోతే నా క్లాసులో కిరణజన్య సంయోగక్రియ కూడా రాదు. అందుకే ఈ వాదన నాకు పక్కవాళ్ళ గొడవగా అనిపించలేదు.

మేడం: సార్, ఇవాళ నైన్త్ బీ వాళ్ళు పాడుతుంటే పక్క గదిలో నా టెన్త్ వాళ్ళు బెంచీల మీద తాళం వేశారు. నా బాధ గోల గురించి కాదు. పీరియడ్ 45 నిమిషాలు, అందులో పాటకే పదిహేను పోయాయి. ఆ పదిహేను నిమిషాల్లో పిల్లలకి ఏం వచ్చింది?

సార్: చివరి హల్లు పలకడం వచ్చింది. మనది అజంత భాష. మాట చివర అచ్చు లేకపోతే మన నోటికి తోచదు. బస్సు, బుక్కు, రోడ్డు అనుకుంటూ పెరిగిన పిల్లలు వీళ్ళు. ఎగ్ అనమంటే యెగ్గు అంటారు, ఓన్లీ అనమంటే వోన్లీ అంటారు. ఊరికే సరిదిద్దితే సిగ్గుపడి నోరు మూసుకుంటారు. అదే పాటలో పెడితే తాళం ఆగిన చోట మాట కూడా ఆగాలి, ఇక ఉకారం తగిలించడానికి చోటుండదు.

మేడం: దానికి పాటే కావాలా? నాలుగుసార్లు చెప్పిస్తే రాదా?

సార్: ఇంకొకటుంది. ‘కంఫర్టబుల్’ అనే మాట మన పిల్లలు ఎలా చదువుతారో చూడండి. కమ్, ఫర్, టే, బుల్ అని అన్నీ సమానంగా, ఇటుకలు పేర్చినట్టు. ఇంగ్లీషులో మొదటి ముక్క మీదే బరువు, మిగతావి దాదాపు మింగేస్తారు. ఈ తేడా బోర్డు మీద రాస్తే అర్థమవుతుందేమో గానీ నోటికి రాదు. బెంచీ మీద దరువేస్తూ అంటే వస్తుంది. మనం ఎక్కాలు ఎలా నేర్చుకున్నాం? రాగం తీసే కదా.

మేడం: ఎక్కాలు రాగం తీసి నేర్చుకున్నాం, నిజమే. ఏడెనిమిదులు ఎంత అంటే ఇప్పటికీ మొదటి నుంచి పాడుకుంటూ వచ్చి చెప్పేవాళ్ళున్నారు. నా అభ్యంతరం అదే సార్. పాట మొత్తం ఒక ముద్దలా వస్తుంది, అందులోంచి ఒక మాట విడదీసి తన వాక్యంలో పెట్టుకోవడం రాదు. రోజూ జాతీయగీతం పాడతారు, ఒక్క అక్షరం తప్పు పోదు. మధ్యలో ఒక మాట చెప్పి అర్థం అడగండి, ఎంతమంది చెబుతారో చూద్దాం. పైగా సినిమా, పాప్ పాటల్లో వ్యాకరణం ఎలా ఉంటుందో మీకు తెలుసు. ‘షీ డజంట్’ అనాల్సిన చోట ‘షీ డోంట్’ అని పాడతారు. అది చెవిలో పడితే మళ్ళీ తీయడానికి నాకు ఏడాది పడుతుంది.

సార్: అందుకే బయటి పాటలు తీసుకోను. నేనే నాలుగు లైన్లు కట్టుకుంటాను.

మేడం: మంచిదే. మరి వెనక బెంచీ అమ్మాయిలు పాడుతున్నారా? పద్నాలుగేళ్ళ పిల్లలు, మగపిల్లల ముందు చేతులు ఊపుతూ పాడమంటే తల దించుకుంటారు. మూడో తరగతిలో పనికొచ్చింది తొమ్మిదిలో పనికిరాదు.

సార్: పాడటం లేదు, నిజమే. చేతులు ఊపేవి మానేశాను. ఇప్పుడు అంతా కూర్చునే దరువు. అయినా ఆ మూల నుంచి గొంతు రావడం లేదు. పాటతో నాలుక తిరుగుతుంది గానీ వాక్యం రాదని ఒప్పుకుంటాను. ఆటల సంగతి వేరు.

(పాటల దగ్గర మేడం మాటే నాకు సబబుగా అనిపించింది. పిల్లలు బాగా పాడారని మేము చప్పట్లు కొట్టిన చాలా సందర్భాల్లో వాళ్ళకి ఏం వచ్చిందో ఎవరం అడగలేదు.)

మేడం: ఆటల్లో ఎక్కువ మాట్లాడేది గెలవాలనే తొందర. మీ ఇరవై ప్రశ్నల ఆట మొన్న కిటికీలోంచి చూశాను. క్లాసులో ఒకరిని మనసులో అనుకోవాలి, మిగతావాళ్ళు ప్రశ్నలడిగి కనుక్కోవాలి. వాళ్ళేం అడుగుతున్నారు? గర్ల్? టాల్? ఫస్ట్ బెంచ్? మూడు మాటలు విసిరి గెలిచేశారు. ఆట బాగుంది, కానీ అందులో ఇంగ్లీషు ఎక్కడుంది?

సార్: మీరు చూసింది మొదటి రోజు. రెండో రోజు నియమం మార్చాను. పూర్తి ప్రశ్న అడిగితేనే జవాబు. ‘డజ్ షీ సిట్ నియర్ ద డోర్?’ అనాలి. ‘డజ్ షీ సిట్స్’ అంటే ప్రశ్న వృథా, లెక్కలో ఒకటి పోతుంది. తప్పు నేను పట్టను, అవతలి జట్టే పడుతుంది. ‘డజ్’ వచ్చాక ‘ఎస్’ ఎందుకు రాదో నేను మూడు నెలలు చెప్పినా ఎక్కలేదు. ఆటలో ప్రశ్న పోతుంటే రెండు రోజుల్లో ఎక్కింది.

మేడం: అంటే ఆట పేరుతో డ్రిల్ చేయించారు.

సార్: అవును. కబడ్డీ కూతలో ఊపిరి బిగబట్టడం కూడా సాధనే. వ్యాయామం అని పేరు పెడితే ఎంతమంది చేస్తారు?

మేడం: ఈ ఆట ఒప్పుకుంటాను. ఎందుకంటే మీరు గ్రామర్ సూత్రాన్ని ముందు మీ మనసులో పెట్టుకుని ఆట కట్టారు. నేను చెప్పేదీ అదే సార్. మా నాన్న మిర్చి యార్డులో హమాలీ. మా ఇంట్లో ఇంగ్లీషు వినపడేది టీవీ ప్రకటనల్లో మాత్రమే. నేను ఇంటర్‌లో ఉండగా మా వంటింటి గోడ మీద సుద్దముక్కతో పన్నెండు గళ్ళు గీసి టెన్స్‌లన్నీ రాసుకున్నాను. అన్నం ఉడికేలోపు ఒక క్రియ తీసుకుని పన్నెండు గళ్ళలో నింపేదాన్ని. ఆ గోడ లేకపోతే నేనీ కుర్చీలో ఉండను. ఇంట్లో ఇంగ్లీషు ఉన్న పిల్లలకి ఆటలతో వస్తుందేమో, ఎందుకంటే వాళ్ళు విన్నదాన్ని ఇంటికెళ్ళి మళ్ళీ వింటారు. మన పిల్లలకి ఈ 45 నిమిషాలే. సూత్రం తెలిస్తే, ఎవరూ లేనప్పుడు కూడా తన వాక్యం తనే సరిచూసుకోగలడు. దాన్ని పిల్లల నుంచి లాక్కోకండి.

సార్: లాక్కోను. కానీ మేడం, ఆ గోడ మీద రాసుకున్నది మీరు. ఎందుకు రాసుకున్నారు? మీకు కసి ఉంది. మీతో చదివిన మిగతా ముప్పైమంది ఏమయ్యారు?

మేడం: (కాసేపు ఆగి) చాలామంది ఇంగ్లీషులోనే ఫెయిలయ్యారు.

సార్: వాళ్ళ కోసమే నా తాపత్రయం.

మేడం: అయితే వాళ్ళకి ప్రాజెక్టులతో ఏం ఒరిగింది చెప్పండి. మన పాత వాచకంలో ప్రతి యూనిట్ చివర ప్రాజెక్టు వర్క్ ఉంది. బడిలోనే పెట్టే 20 మార్కుల ఫార్మేటివ్ పరీక్షలో దానికీ వాటా ఉంది. జరిగేదేంటి? పిల్లాడు నెట్ సెంటర్‌కి వెళ్తాడు, అక్కడతను కలర్ ప్రింట్ తీసి ఇస్తాడు. చార్టుకి అతికిస్తాడు, చుట్టూ స్కెచ్ పెన్నుతో పూలు వేస్తాడు. మనం సంతకం పెడతాం. అందులో పిల్లాడు రాసిన ఇంగ్లీషు అతని పేరొక్కటే. తల్లి కూలి డబ్బుల్లోంచి యాభై రూపాయలు పోతాయి. ఈ పని మీద నాకు నిజంగా కోపం సార్.

సార్: నాకూ కోపమే. అందుకే చార్టులు వద్దన్నాను. ఈసారి పురుగుమందు కరపత్రాలు తెమ్మన్నాను. డబ్బాలు ముట్టుకోవద్దు, అట్టపెట్టెలో మడిచిపెట్టే కాగితం చాలు అని గట్టిగా చెప్పాను. మీరే చూడండి.

(సార్ అల్మరా తీసి ఒక కట్ట బల్ల మీద పెట్టారు. ఉల్లిపొర లాంటి కాగితం, విప్పితే బల్ల సగం నిండింది. చీమ తలంత అక్షరాలు. ఒకదాని మీద పసుపు త్రికోణం ఉంటే పిల్లలు పక్కన పెన్సిల్‌తో అర్థం రాశారు. ఎరుపు అన్నిటికంటే విషం, తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. చూస్తుండగా నాకు మా ఇంటి చూరులో దోపిన మందు కాగితాలు గుర్తొచ్చాయి. మేము ఒక్కటీ చదవలేదు.)

మేడం: ఇందులో తెలుగు కూడా ఉంటుంది కదా సార్. ఇంకేం అవసరం? ఈ ఊళ్ళో ఇంగ్లీషు అవసరం లేని చోట అవసరం సృష్టిస్తున్నారు.

సార్: తెలుగూ ఉంది, దాన్నీ చదివారు. చాలా మాటలు వాళ్ళకి ఇంగ్లీషు కంటే కష్టంగా ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే గానీ తేలలేదు. రెండు భాషలూ చేతిలో ఉండటం నష్టమేమీ కాదు. ఇక అసలు సంగతి వినండి. ఒక లైను ఉంది: ‘ప్యాకేజెస్ షల్ బీ బ్రోకెన్ అండ్ బరీడ్ అవే ఫ్రమ్ హ్యాబిటేషన్.’ డబ్బాలు పగలగొట్టి ఊరికి దూరంగా పాతిపెట్టాలి. ఒక పిల్లాడు లేచి అడిగాడు, “ఎవరు పగలగొట్టాలి సార్? కంపెనీవాళ్ళా, మా నాయనా?”

మేడం: కర్త లేదు అందులో.

సార్: లేదు. పాసివ్ వాయిస్ నేను 27 ఏళ్ళుగా చెబుతున్నాను. ఆబ్జెక్టుని ముందుకి తెచ్చి, సబ్జెక్టుని ‘బై’ పెట్టి వెనక్కి తోసేయడం. రామా కిల్డ్ రావణా, రావణా వాజ్ కిల్డ్ బై రామా. ఎందుకు తిప్పాలని ఒక్కరూ అడగలేదు. చేసేవాడి పేరు చెప్పకుండా పని చెప్పడానికే ఆ వాక్యం పుట్టిందని ఈ పిల్లాడికి తట్టింది. వాళ్ళింట్లో ఖాళీ డబ్బాలో నీళ్ళు పట్టుకుంటారట.

మేడం: అప్పుడు మీరేం చేశారు?

సార్: బోర్డు మీద రాశాను. ‘షల్ బీ’ తర్వాత మూడో రూపం. అలాంటివి ఆ కాగితంలో ఇంకా ఎన్ని ఉన్నాయో గీతలు గీయించాను.

మేడం: అదే గ్రామర్ క్లాసు సార్! మీరు ఏ పేరు పెట్టినా సరే.

సార్: అవునమ్మా. కానీ ప్రశ్న ముందొచ్చింది, సూత్రం తర్వాత వచ్చింది. నేను పోరాడేది ఆ వరస కోసమే.

మేడం: సరే, లెక్క చెప్పండి. క్లాసులో 48 మంది. ఆ ప్రశ్న అడిగినవాడు ఒకడు. గ్రూపులుగా కూర్చోబెట్టారు కదా, ప్రతి గ్రూపులో ఒకరు చదివారు, ఒకరు రాశారు, మిగతావాళ్ళు ఏం చేశారు? మీరు శిక్షణల్లో చెబుతుంటారే, ఇంగ్లీషు బోధన నిపుణులు ఎన్. ఎస్. ప్రభు గారు 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు వైపు మామూలు బడుల్లో చేసిన ప్రయోగం. గ్రామర్ పాఠాలు పక్కన పెట్టి రైలు టైం టేబుళ్ళు, మ్యాపులు ఇచ్చి లెక్క తేల్చమన్నారు. తర్వాత పరీక్షలు పెట్టి చూస్తే, గ్రామర్ నిర్మాణాలు నేర్చినవాళ్ళు ఆ పరీక్షలో ముందున్నారు, పనులతో నేర్చినవాళ్ళు అలాంటి పరీక్షలో ముందున్నారు. ఇటూ అటూ కాని పరీక్షల్లో మాత్రం పనులతో నేర్చినవాళ్ళదే పైచేయి. ఇక్కడిదాకా మీకు అనుకూలమే, నేను దాచను. కానీ ఆయన గ్రూపు వర్కుని ఇష్టపడలేదు, అది మీరు చెప్పరు. తప్పుల ఇంగ్లీషు ఒకరి నుంచి ఒకరికి అంటుకుని అలాగే గట్టిపడుతుందని ఆయన భయం. ముందు టీచరు అందరి ఎదుట ఒక పని చేయిస్తారు, తర్వాత అలాంటిదే ఇంకొకటి ప్రతి పిల్లాడూ ఒంటరిగా చేయాలి.

సార్: (నవ్వి) ఆ రెండో సగం నేను మరిచిపోయాను. గ్రూపులు చేస్తే తనిఖీకి వచ్చినవాళ్ళకి కళకళలాడుతూ కనిపిస్తుంది, అందుకే అలవాటైపోయిందేమో.

మేడం: మరి ఆ కట్ట నాకివ్వండి. రేపు మీ నైన్త్ బీ లోనే నేను చేస్తాను. పసుపు త్రికోణం ఉన్న కాగితం అందరి ముందూ చదువుతాం. తర్వాత తలొక ముక్క ఇస్తాను, చిన్నది, నాలుగు లైన్లు చాలు. ఇంట్లో వాళ్ళకి చెప్పాల్సిన రెండు వాక్యాలు ఇంగ్లీషులో రాయాలి, కర్తతో సహా. మై ఫాదర్ మస్ట్ బ్రేక్ ద బాటిల్, అలా. గ్రూపు లేదు, చార్టు లేదు. నలభై ఎనిమిది నోట్సులూ నేనే దిద్దుతాను.

సార్: తప్పులుంటే?

మేడం: ఎర్ర ఇంకుతో దిద్దుతాను. అది మాత్రం మార్చుకోను.

సార్: దిద్దండి. ఆ వెనక బెంచీ అమ్మాయిలు ఏం రాశారో ముందు నాకు చూపించండి.

మేడం ఆ కాగితాలు ఒక్కొక్కటే పాత మడతల మీదే మడిచి సంచిలో పెట్టుకుంది. పైనున్న దానిలో ‘యాంటిడోట్’ (విరుగుడు) అనే మాట కింద గీత ఉంది, పక్కన ఎవరో పిల్ల రాసిన ప్రశ్న, తెలుగులో: “ఇది మన ఊరి ఆర్‌ఎంపీ దగ్గర ఉంటదా?”