ఖుర్‌ఆన్ పేరు చెప్పి పిల్లల సైన్స్ పుస్తకం లాక్కోకండి

మళ్లీ అదే మెసేజ్. ఈసారి పంపింది బీఎస్సీ చదివిన స్నేహితుడు. "సైన్సంతా ఖుర్‌ఆన్‌లో ఎప్పుడో ఉంది. చంద్రుడు రెండుగా చీలిన గీత నాసాకు దొరికింది. ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద అజాన్ విని ముస్లిం అయ్యాడు. ఇనుము సూరా 57వది, ఇనుము ఐసోటోపూ 57. బడి పుస్తకాల్లో మనవాళ్ల పేర్లే ఉండవు. కాబట్టి పిల్లలకు స్కూలు సైన్స్ దండగ, మదరసా చాలు." పదిమందికి పంపితే సవాబు (పుణ్యం) వస్తుందట. పంపకండి భాయ్.

ఆర్మ్‌స్ట్రాంగ్ బతికుండగానే కాదన్నాడు. 1983లో అమెరికా విదేశాంగ శాఖ ముస్లిం దేశాల్లోని తన రాయబార కార్యాలయాలకు ఆ సంగతి రాసి పంపింది. చంద్రుడి మీద అజాన్ వినపడుతుందా అని ఎనిమిదో తరగతి పిల్లల్ని అడగండి, గాలి లేనిచోట శబ్దం వినపడదని చెబుతారు.

ఆ గీత పేరు అరియడేయస్ రిల్. పొడవు సుమారు 300 కిలోమీటర్లు. చంద్రుడి చుట్టుకొలత దాదాపు 10,900. రెండుగా చీలి ఉంటే గీత చుట్టూ ఉండాలి కదా. ఇక ఐసోటోపులంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణు రకాలు. ఇనుములో 92 శాతం దాకా ఉండేది ఐసోటోపు 56. 57 రెండు శాతమే.

వీటిని వదిలేద్దును. "మదరసా చాలు" అన్న మాటే వదల్లేను. టెన్త్ సైన్స్ లేని పిల్లాడికి పాలిటెక్నిక్ లేదు, నర్సింగ్ లేదు, ఫార్మసీ లేదు. ఇది పంపేవాళ్ల పిల్లలు మాత్రం నీట్ కోచింగ్‌లో ఉన్నారు. మానేయించేది ఎవరి పిల్లల్ని? ఆటో తోలేవాడి పిల్లల్నా?

పైగా దీన్ (మతం) పేరుతోనా? ప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం చనిపోయిన రోజే సూర్యగ్రహణం పట్టింది. బిడ్డ పోయినందుకే అలా జరిగిందని జనం అనుకున్నారు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలు, ఎవరో పుట్టారనో పోయారనో వాటికి గ్రహణం పట్టదు అన్నారాయన. బిడ్డ పోయిన దుఃఖంలో కూడా లేని మహిమను ఒప్పుకోలేదు. ఆయన పేరు మీద మనం ఇలాంటివా పంచేది?

డమాస్కస్ ఉమయ్యద్ మసీదులో నమాజు వేళలు లెక్కగట్టే ఉద్యోగం ఇబ్న్ అల్ షాతిర్‌ది. 1371 ప్రాంతంలో మినారు కోసం పాలరాతి నీడగడియారం చేశాడు. పాతకాలపు గ్రీకు ఖగోళ పండితుడు టాలమీ చెప్పిన చంద్రగతి ఆకాశంలో కనపడేదానితో కుదరక కొత్త లెక్క కట్టాడు. తర్వాతి కాలంలో చంద్రుడికి కోపర్నికస్ వాడిన లెక్క దాదాపు అదే. ఆయతుల్లో (ఖుర్‌ఆన్ వాక్యాల్లో) వెతికితే దొరికింది కాదది, కొలిస్తే దొరికింది. మన హైదరాబాద్‌లో 1917లో దారుత్తర్జుమా అనే అనువాద సంస్థ పెట్టి సైన్స్ పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చింది కూడా ఉస్మానియాలో పిల్లలు చదవాలనే.

ఒకటి ఒప్పుకుంటాను. బడి పుస్తకాల్లో మనవాళ్ల పేర్లు లేవన్న బాధ నిజమే. నేను బడిలో ఉన్నన్నాళ్లూ, కాంతి మీద ప్రయోగాలు చేసిన ఇబ్న్ అల్ హైథమ్ పేరు వినలేదు. చీకటి గదికి చిన్న రంధ్రం, బయట వరసగా దీపాలు. ఒక దీపానికి చెయ్యి అడ్డం పెడితే లోపలి గోడ మీద దాని వెలుగు ఒక్కటే పోతుంది, మిగతావి ఉంటాయి. కాంతి తిన్నగా వెళ్తుందని ఆయన ఇలా చూపించాడు. అట్టపెట్టె, నాలుగు కొవ్వొత్తులు చాలు. మీ వీధి మదరసాలో మౌల్వీసాబ్ ఒప్పుకుంటే చెప్పండి, సామాను నేను తెస్తాను.