రాత్రికి రెండు పుల్కాలు

తెలుగునాట వైద్యాలెన్ని ఉన్నా, అల్లోపతీ, హోమియో, ఆయుర్వేదం, వీధి చివర ఆర్ఎంపీతో సహా, ఒక్క విషయంలో అందరిదీ ఒకటే మాట. "రాత్రి అన్నం మానేసి చపాతీ తినండి." షుగరుకీ ఇదే మందు, కొలెస్ట్రాల్‌కీ ఇదే, మోకాళ్ళ నొప్పులకీ ఇదే. రాష్ట్రాన్ని రెండు ముక్కలు చేసుకున్నా ఈ మాట మీద మాత్రం మనం విడిపోలేదు. ఇంతటి ఏకాభిప్రాయానికి అడ్డుపడిన పేగులు నావి. అందుకు వైద్యలోకానికి ముందే క్షమాపణ చెప్పుకుని మొదలుపెడుతున్నాను.

మాది కాకినాడ. స్కూల్లో లెక్కలు చెబుతాను. యాభై రెండో ఏట షుగరు బోర్డర్లో ఉందని తేలింది. డాక్టరు గారు రిపోర్టు మీద నుంచి తల ఎత్తకుండానే, "మాస్టారూ, రాత్రికి రెండు పుల్కాలు" అన్నారు. పుట్టి బుద్ధెరిగాక మూడు పూటలా అన్నమే తిన్నవాణ్ణి, ఆ రాత్రి నుంచి ఉత్తరాది వాణ్ణయిపోయాను.

నెల తిరిగేసరికి పొట్ట తబలాలా ఉబ్బడం మొదలైంది. నోటి పూత. పొద్దున్నే నాలుగు సార్లు బాత్రూముకి. తొమ్మిదో తరగతికి పైథాగరస్ సిద్ధాంతం చెబుతూ కర్ణం అన్న మాట గుర్తురాక బోర్డు ముందు నిలబడిపోయాను. వెళ్ళి ఇదంతా చెప్పుకుంటే డాక్టరు గారు, "గ్యాస్" అన్నారు. పరగడుపున ఒక బిళ్ళ రాశారు. రెండు కిలోలు తగ్గానని చూసి, "నీరసపడ్డట్టున్నారు, మూడు పుల్కాలు తినండి" అన్నారు. మూడు తిన్నాను. ఇంకో రెండు కిలోలు తగ్గాను. ఏది ఎక్కువైతే ఏది తగ్గుతోందో బోర్డు మీద వేసి చూపిస్తే మా ఎనిమిదో తరగతి పిల్లలు కూడా విలోమానుపాతం అని చెప్పేస్తారు. కానీ లెక్కల మాస్టరు వైద్యం చేయకూడదు కదా.

రెండో డాక్టరు గారు అల్ట్రాసౌండ్ తీయించి లివరు మీద కాస్త కొవ్వు ఉందన్నారు. మా స్టాఫ్ రూములో అది లేనివాడు లేడు. మూడో ఆయన చీటీ రాయకముందే, "టెన్షన్ ఏమైనా ఉందా?" అని అడిగారు. పొట్ట గురించే టెన్షన్ అన్నాను. "చూశారా, అదే కారణం" అన్నారాయన. ఆ జవాబులోని గుండ్రటి అందానికి ఒక లెక్కల మనిషిగా ఇప్పటికీ నమస్కారం పెడతాను.

అసలు గుట్టు బయటపెట్టింది మా ఇంట్లో గ్యాస్ సిలిండరు. దసరా సెలవుల్లో అది అయిపోయి, పక్క వాటా వాళ్ళ కుక్కర్లో పది రోజులు అన్నమే వండుకున్నాం. పదకొండో రోజుకి నా పొట్ట నా మాట వింది. సిలిండరు వచ్చింది, పుల్కా వచ్చింది, వెనకే తబలా కూడా వచ్చేసింది. సరిగ్గా ఇలాంటి సంగతే నెదర్లాండ్స్‌లో విలెమ్ డికె అనే పిల్లల డాక్టరు కంటపడింది. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల అక్కడ రొట్టె దొరక్క జనం అల్లాడారు. ఆ కరువులో సీలియాక్ జబ్బు, అంటే గోధుమలో ఉండే గ్లూటెన్ అనే జిగురు ప్రొటీన్ పడక చిన్నపేగు దెబ్బతినే జబ్బు, ఉన్న పిల్లలు తేరుకోవడం, రొట్టె మళ్ళీ రాగానే వాళ్ళకి తిరగబెట్టడం చూసి ఆయనకి గోధుమ మీద అప్పటికే ఉన్న అనుమానం గట్టిపడింది. 1950లో దాని మీద సిద్ధాంత గ్రంథం రాశాడు. ఆయనకి ఒక ప్రపంచ యుద్ధం కావలసి వచ్చింది. నాకు సిలిండరు ఆలస్యం సరిపోయింది.

ఈ పరిశోధనా ఫలితాన్ని నాలుగో డాక్టరు గారికి సమర్పించాను. ఆయన చదువుకున్నాయన, పత్రికలు తిరగేసే మనిషి. "గ్లూటెన్ గొడవ మనది కాదండీ, పంజాబు, హర్యానా వాళ్ళది" అని కొట్టిపారేశారు. గాలికి అన్న మాట కాదది. 2016లో వచ్చిన అధ్యయనంలో సీలియాక్ జబ్బుని సూచించే యాంటీబాడీలు ఉత్తరాదిలో 1.23 శాతం మంది రక్తంలో, దక్షిణాదిలో 0.10 శాతం మంది రక్తంలో కనిపించాయి. అదే అధ్యయనంలో ఇంకో రెండు అంకెలు కూడా ఉన్నాయి. ఆ జబ్బుకి దారితీసే జన్యువులు అక్కడా ఇక్కడా మూడో వంతుకి పైగా మందిలో ఉన్నాయి. తినే గోధుమ మాత్రం మనిషికి రోజుకి అక్కడ 455 గ్రాములు, ఇక్కడ 25. అంటే మందుపాతర మన ఇంట్లోనూ ఉంది, అగ్గిపుల్ల గీసేవాడే తక్కువ. ఆ 25ని 455కి చేర్చే బృహత్కార్యాన్ని మన వైద్యులు చీటీకి రెండు పుల్కాల చొప్పున భుజాన వేసుకున్నారు. రాత్రింబవళ్ళు వాళ్ళు పడుతున్న ఈ శ్రమకి తగిన గుర్తింపు ఇంతవరకూ రాలేదు.

ఇంట్లో వాళ్ళకి చెప్పడం ఇంకో ఎత్తు. "గ్లూటెన్ పడదట" అంటే మా బావమరిది, "గ్లూకోజా? షుగరు అంత పెరిగిందా బావా?" అని కంగారుపడి నాకు ఓ డజను గోధుమ బిస్కెట్ ప్యాకెట్లు తెచ్చిచ్చాడు. షుగరు లేనివట. మా అత్తగారిది మరీ శాస్త్రీయమైన పద్ధతి. గోధుమలు మానేశానని తెలిసి, "అయ్యో, పోనీలెండి అల్లుడు గారూ, ఉప్మా చేస్తాను" అన్నారు. ఉప్మా రవ్వ గోధుమే కదండీ అన్నాను. "రవ్వ రవ్వే గానీ గోధుమలెందుకవుతాయి?" అన్నారు. మైదా మైదాయే. సేమియా సేమియాయే. ఈ లెక్కన మన వంటింట్లో గోధుమ అన్నది చపాతీ రూపంలో తప్ప ఎక్కడా అవతరించదు.

ఆవిడకి కళ్ళారా చూపిద్దామని ఓ ఆదివారం గుప్పెడు చపాతీ పిండి ముద్ద తీసుకుని సింకులో కుళాయి కింద పట్టి పిసకడం మొదలుపెట్టాను. పాలలాంటి తెల్ల నీళ్ళు కారుతూనే ఉన్నాయి. పావుగంటకి నీళ్ళు తేటపడ్డాయి. చేతిలో మిగిలింది ఉసిరికాయంత ముద్ద, బూడిదరంగులో, నమిలి పారేసిన బబుల్‌గమ్‌లా. లాగితే సాగుతుంది, వదిలితే వెనక్కి పోతుంది. లాటిన్‌లో గ్లూటెన్ అంటే జిగురని చెప్పాను. మైదా ఉడకబెట్టి గోడలకి సినిమా పోస్టర్లు అంటించడం చూసి పెరిగినవాళ్ళమే కదా, కాస్త ఆలోచించమన్నాను. అత్తగారు ఆ ముద్దని వేలితో నొక్కి చూసి, "అంతసేపు పిసికితే ఏదైనా అలాగే అవుతుంది" అని స్టవ్ దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ పూట టిఫిను ఉప్మాయే.

నిజానికి మా ఊళ్ళో గ్లూటెన్ పడనివాడు బతకడం కత్తి మీద సాము. కాకినాడ కాజా మైదా, తాపేశ్వరం మడత కాజా మైదా. బొబ్బట్టు మీద తొడుగు మైదా, మైసూరు బజ్జీ ఆసాంతం మైదా. పెసరట్టు అమాయకురాలే గానీ కడుపులో ఉప్మా దాచుకుని వస్తుంది. బయట జొన్న రొట్టె విరక్కుండా ఉండాలని గుప్పెడు గోధుమ పిండి కలిపేవాళ్ళున్నారు. చివరికి పులిహోర తిందామా అనుకుని ఇంగువ డబ్బా వెనక చీమ తలకాయంత అక్షరాలు కళ్ళజోడు సర్దుకుని చదివితే, అందులోనూ గోధుమ పిండే! ఇంగువలో ఇంగువ కన్నా పిండే ఎక్కువ కలుపుతారని నాకు యాభై రెండేళ్ళకి తెలిసింది. పేగులకి మొదటి నుంచీ తెలుసనుకుంటాను. ఆత్రేయపురం పూతరేకులు మాత్రం బియ్యంతో చేసినవి. కానీ షుగరు సంగతి ముందే మనవి చేశాను.

ఇదంతా ఒక ఎత్తు, సత్యనారాయణ వ్రతం ఒక్కటీ ఒక ఎత్తు. మాకు అన్నవరం కూతవేటు దూరం. అక్కడి ప్రసాదం గోధుమ నూకతో చేస్తారు. ఇళ్ళలో వ్రతం చేసినా రవ్వ ప్రసాదమే. మా తోటి మాస్టారి గృహప్రవేశానికి వెళ్ళి కథంతా భక్తిగా విన్నాను. మొగుడి పడవ వచ్చిందన్న సంబరంలో కలావతి ప్రసాదం తినకుండా పరిగెత్తింది, పడవ మునిగింది. తుంగధ్వజ మహారాజు గొల్లలు పెట్టిన ప్రసాదం ముట్టకుండా పోయాడు, నూరుగురు కొడుకులూ సంపదా పోయాయి. కథ పూర్తి కాగానే ప్రసాదం పళ్ళెం నేరుగా నా ముందుకే వచ్చింది. నెయ్యి వాసన, మధ్యలో జీడిపప్పు. నాకు గోధుమ పడదని మెల్లగా అన్నాను. గది మొత్తం తుంగధ్వజుణ్ణి చూసినట్టు చూసింది. పంతులు గారు మంచివారు. "కళ్ళకద్దుకుని చిటికెడు నోట్లో వేసుకోండి మాస్టారూ, స్వామివారే చూసుకుంటారు" అన్నారు. వేసుకున్నాను. స్వామివారు చూసుకోలేదని అనను. ఆ రాత్రి కలావతి మొగుడి పడవ తేల్చే పనిలో ఉండి ఉంటారు.

నా తిప్పలు చూడలేక మా అమ్మాయి వైజాగ్‌లో పేగుల స్పెషలిస్టు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంది. ఆరు నెలలుగా గోధుమ ముట్టడం లేదని గర్వంగా చెప్పాను. "అలా అయితే పరీక్ష చేసి లాభం లేదు" అన్నారాయన. సీలియాక్‌కి రక్తంలో యాంటీబాడీలు చూస్తారు. గోధుమ మానేస్తే అవి తగ్గిపోయి, జబ్బున్నా లేదన్నట్టే వస్తుంది. అందుకని ఆరు నుంచి ఎనిమిది వారాలు రోజూ గోధుమ తిని రమ్మన్నారు. దొంగని పట్టుకోవాలంటే రెండు నెలలు ఇంట్లో పెట్టుకుని భోజనం పెట్టమన్నట్టు. శాస్త్రం చెప్పాక తప్పదు కదా. మొదటి డాక్టరు గారి పాత చీటీ బీరువాలోంచి తీసి, రాత్రికి రెండు పుల్కాలు మళ్ళీ మొదలుపెట్టాను. ఆ ఎనిమిది వారాల సంగతి రాయను, తినేటప్పుడు చదివేవాళ్ళుంటారు.

రక్త పరీక్ష నార్మల్. ఎండోస్కోపీ చేసి చిన్నపేగు ముక్కలు తీశారు, అదీ నార్మల్. గోధుమ ఎలర్జీ కూడా లేదు. మత్తు దిగి కళ్ళు తెరిచేసరికి నర్సమ్మ మంచం పక్కన నిలబడి, "అంకుల్, గొంతు నొప్పిగా ఉంటుంది, మెత్తగా ఏదైనా తినండి" అంటోంది. చేతిలో పాలూ బ్రెడ్డూ ఉన్నాయి. ఆ పిల్ల తప్పేం లేదు. జ్వరం వస్తే పాలూ బ్రెడ్డూ, ఆపరేషనయితే పాలూ బ్రెడ్డూ, ఆస్పత్రికి చూడబోతే అరడజను యాపిల్సూ ఒక బ్రెడ్డూ. మన వైపు గోధుమ ముందు రోగి పక్కలోకి వచ్చి, ఆ తర్వాతే కంచంలోకి వచ్చింది. దాని మీద ఫిర్యాదు చేస్తే నర్సు మీద ఫిర్యాదు చేసినట్టే ఉంటుంది.

రిపోర్టులన్నీ నార్మలని తెలిసి మా బావమరిది స్వీట్లు పంచాడు. కాజాలే. కానీ ఆ స్పెషలిస్టు గారు మాత్రం కంప్యూటరు మీద నుంచి చూపు తిప్పి, కుర్చీ నా వైపు జరుపుకుని, "ఇప్పుడు మొదటి నుంచి చెప్పండి" అన్నారు. ఏడాదిన్నరలో ఆ మాట అన్న మొదటి డాక్టరు ఆయనే. ఏం చెప్పాలో తోచలేదు. రెండు నిమిషాల్లో ముగించడం అలవాటైపోయి, మూడో నిమిషంలో నాకు నేనే అడ్డం వచ్చాను. ఆయన సిలిండరు కథ మొత్తం విన్నారు. సీలియాక్ కాకుండానే గోధుమ పడని మనుషులుంటారని, దానికి ప్రత్యేకంగా పరీక్షంటూ లేదని, మిగతావి కాదని తేల్చుకున్నాకే ఆ పేరు పెడతారని చెప్పారు. "మీరు ఊహించుకున్నది కాదు మాస్టారూ" అన్నారు. కళ్ళు చెమర్చాయి. ఎండోస్కోపీ గొట్టం దిగినప్పుడు కూడా ఇంత కాలేదు.

ఆయన ఇంకో మాట కూడా అన్నారు. తప్పు గ్లూటెన్‌ది కాకపోవచ్చట, గోధుమలోనే ఉండే ఫ్రక్టాన్ అనే పిండిపదార్థానిది కావచ్చట. "అది ఉల్లిపాయల్లో, వెల్లుల్లిలో కూడా ఉంటుంది" అంటూ పెన్ను తీశారు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. "డాక్టరు గారూ, మీకు దణ్ణం పెడతాను, అది మాత్రం చీటీ మీద రాయకండి. ఇంట్లో చదువుతారు" అన్నాను. ఆయన నవ్వి రాయలేదు. పెద్ద అక్షరాలతో "గోధుమ, మైదా, రవ్వ, బార్లీ పూర్తిగా మానాలి" అని రాసి కింద రెండు గీతలు గీశారు. రవ్వ అన్న మాట విడిగా రాయించుకున్నది నేనే, మా అత్తగారి కోసం.

ఆ చీటీ జేబులో పెట్టుకుని, పటం కట్టించి హాల్లో తగిలించాలని నిర్ణయించుకుని బయటికి వస్తుంటే, డైటు చెప్పే అమ్మాయిని కలిసి వెళ్ళమన్నారు. ఆ అమ్మాయి నా చీటీ చూసి, "ఓకే అంకుల్" అని, కట్టలోంచి అచ్చు కాగితం ఒకటి లాగి నా పేరు రాసి స్టేపుల్ చేసింది. ఉదయం: గోధుమ రవ్వ ఉప్మా, ఒక కప్పు. సాయంత్రం: మారీ బిస్కెట్లు రెండు. రాత్రి: పుల్కాలు 2, నూనె లేకుండా.

"అమ్మా, నాకు గోధుమ పడదని డాక్టరు గారు పైనే రాశారు కదా" అన్నాను, రెండు గీతలు చూపించి.

ఆ అమ్మాయి చీటీ చదివింది. నా మొహం కేసి చూసింది. నిజంగానే పాపం అనిపించినట్టుంది. పెన్ను తీసి, రాత్రి పుల్కాల దగ్గర 2 కొట్టేసి, 1 అని రాసింది.