గోలకూ ఒక హాజరు పట్టీ

రాగతాళాలు పక్కనపెట్టి రొదనే సంగీతంగా వినిపించేవాళ్లు నాయిస్ సంగీతకారులు. స్వీడన్‌లోని ఈ నాయిస్ సంగీతకారుల మీద ఒక అపవాదు చాలాకాలంగా చెలామణిలో ఉంది. వాళ్లు అరాచకులట. తుప్పు రేకులు గీకి, ఆ గీకుడును వెయ్యింతలు పెంచి జనం మీదికి వదులుతారట. ఈ మాట పుట్టించినవాళ్లు కచేరీకి ఇరవై నిమిషాలు ఆలస్యంగా వెళ్లి ఉంటారు. వెళ్లేసరికి అంతా అయిపోయి, కళాకారుడు వైర్లు చుట్టలు చుట్టి సంచిలో సర్దుకుంటూ కనిపించి ఉంటాడు. లోపల ఏం జరిగిందో తెలియక నోటికొచ్చింది ప్రచారం చేశారు. నిజానికి భూమ్మీద క్రమశిక్షణ గల గుమాస్తాలు ఇంకా ఎక్కడైనా మిగిలి ఉన్నారంటే అది వీళ్లలోనే.

ముందు పేర్లు చూడండి. తిరుగుబాటుదారుడన్నవాడు తన బృందానికి నిప్పు, పిడుగు లాంటి పేర్లు వెతుక్కుంటాడు. రోజర్ కర్మానిక్ 1987లో లిన్‌షోపింగ్‌లో మొదలుపెట్టిన లేబుల్ (రికార్డులు విడుదల చేసే సంస్థ) పేరు కోల్డ్ మీట్ ఇండస్ట్రీ. ‘చల్లటి మాంసం పరిశ్రమ’ అని బోర్డు రాయించి జిల్లా పరిశ్రమల కేంద్రంలో రుణానికి వెళ్తే ఎవరూ రెండో ప్రశ్న అడగరు. గోథెన్‌బర్గ్‌లో ఒక బృందం పేరు ఎన్హెత్ ఫొర్ ఫ్రి మ్యుసీక్, అంటే స్వేచ్ఛా సంగీత విభాగం. పక్కనే ఫొర్లాగ్ ఫొర్ ఫ్రి మ్యుసీక్, అంటే స్వేచ్ఛా సంగీత ప్రచురణాలయం. విభాగం వచ్చింది, ప్రచురణాలయం వచ్చింది, ఇక టీఏ బిల్లులే తక్కువ. అదే ఊళ్లో డాన్ యోహాన్‌సన్ పెట్టుకున్న పేరు సీవర్ ఎలక్షన్, ‘మురుగుకాలువ ఎన్నిక’. యూరప్ వాళ్లు దీన్ని అధివాస్తవిక కవిత్వంగా చదువుకుంటారు. వార్డు కౌన్సిలర్‌కు ఓటేసిన అనుభవం ఉన్న మనకు అందులో కవిత్వం కనపడదు.

ఇదంతా గాలికి పుట్టింది కాదు. స్టాక్‌హోమ్‌లోని ఫిల్కింగెన్ 1933లో ఛాంబర్ సంగీత సంఘంగా మొదలై, యాభైల నాటికి ఎలక్ట్రానిక్ ప్రయోగాల వైపు మళ్లింది. ఎలక్ట్రానిక్ సంగీతానికి 1964లో ఇ.ఎం.ఎస్. అనే స్టూడియో ఏర్పడింది. బూక్లా, సెర్జ్ అనే పాతకాలపు మాడ్యులర్ సింథసైజర్లు (విడివిడి భాగాలను వైర్లతో కలిపి శబ్దం పుట్టించే యంత్రాలు) ఇప్పటికీ అక్కడ పనిచేస్తున్నాయి. మాటల్ని ముక్కలు చేసి టేపు మీద అతికే పద్ధతికి 1967లో లార్స్-గున్నార్ బోదీన్, బెంగ్ట్ ఎమిల్ యోన్సన్ ‘టెక్స్ట్-సౌండ్ కంపోజిషన్’ అని శీర్షిక కట్టారు. అర్థంలేని అరుపుకైనా ముందు ఫైలు పేరు ఉండాలి గదా.

అయితే ఈ వ్యవస్థకు మూలస్తంభం స్టూడియోలు కావు, స్టూడియెసిర్కెల్. తెలుగులో అధ్యయన బృందం అనుకుందాం. పెద్దవాళ్లు కొందరు కలిసి ఏదైనా నేర్చుకుంటామంటే, అది అల్లిక కావచ్చు, స్పానిష్ కావచ్చు, అధ్యయన సంఘాల ద్వారా సర్కారు సాయం అందుతుంది. నాయకుడితో కలిపి కనీసం ముగ్గురుండాలి. కనీసం మూడుసార్లు కలవాలి. మొత్తం 9 అధ్యయన గంటలు నిండాలి. గంటంటే 45 నిమిషాలు, అచ్చం బడి పీరియడ్. రిహార్సల్ గది కావలసిన బ్యాండ్లు ఏనాటి నుంచో ఈ దారినే పోతున్నాయి. కాబట్టి ఆ దేశంలో బేస్‌మెంట్లోంచి వచ్చే రొదంతా చట్టప్రకారం వయోజన విద్య.

చిక్కేమిటంటే నాయిస్ ఒంటరి మనిషి వ్యవహారం. ఒక బల్ల, శబ్దాన్ని వక్రీకరించే ఆరు పెడళ్లు, ఒక మనిషి. మిగతా ఇద్దరిని ఎక్కణ్ణుంచి తేవాలి? అక్కడ ప్రతి కళాకారుడూ సొంత పేరుతో ఒకటి, స్నేహితుడితో ఒకటి, ముగ్గురితో ఒకటి చొప్పున ప్రాజెక్టులు నడపడాన్ని విమర్శకులు సహకార స్ఫూర్తి అంటారు. కోరం అంటే సరిపోతుంది. దొంగ హాజరు పట్టీల గొడవలు బయటపడ్డాక తనిఖీలు బిగిశాయి, సాయమూ సన్నగిల్లుతోంది. ఫీడ్‌బ్యాక్ (స్పీకరు మోత మళ్లీ మైకులోకి దూరి పెట్టే కీచు) మోగుతుండగా తలుపు తట్టి ‘ఇక్కడ ఎవరు నేర్చుకుంటున్నారు, ఎవరు నేర్పుతున్నారు’ అని అడిగే తనిఖీ అధికారి ఉద్యోగం ఎంత గౌరవప్రదమైనదో ఆలోచించండి.

ఇక శబ్దం సంగతి. స్వీడన్ ప్రజారోగ్య సంస్థ నిర్దేశించిన పరిమితి సగటున 100 డెసిబెల్స్, ఏ క్షణంలోనూ 115 దాటకూడదు. పదమూడేళ్లలోపు పిల్లలు వచ్చే చోట అవి 97, 110. సగటు అన్న మాటలోనే కిటుకంతా ఉంది. అది శక్తి మీద లెక్కగట్టే సగటు. మోత కాలం సగానికి తగ్గితే లెక్క 3 డెసిబెల్స్ పడిపోతుంది, పావుకు తగ్గితే 6. అంటే గంట కార్యక్రమంలో పావుగంట 106 దగ్గర మోగించి, మిగతా ముప్పావుగంట నోరు మూసుకుంటే కాగితం మీద సరిగ్గా 100. నాయిస్ కచేరీ పావుగంటలో ముగియడం, ఆ తర్వాత అందరూ చేతిలో గ్లాసుతో ఎవరితోనూ పలక్కుండా నిలబడటం ఉత్తర దేశపు విషాదమని వ్యాసాలొచ్చాయి. విషాదమూ లేదు, వల్లకాడూ లేదు, లాగరిథమ్. మన పెళ్లి డీజేలకు ఈ సూత్రం తెలియకపోవడమే మంచిది. తెలిసినా ఆ ముప్పావుగంట భాగం వాళ్లతో అయ్యే పని కాదు.

రాజ్యధిక్కారం మాటేమిటంటారా? 1992లో లేఫ్ ఎల్‌గ్రెన్, కార్ల్ మిఖాయెల్ ఫొన్ హౌస్‌వోల్ఫ్ అనే ఇద్దరు శబ్ద కళాకారులు ఎల్గాలాండ్-వార్గాలాండ్ అనే జంట రాజ్యాన్ని ప్రకటించారు. దేశానికీ దేశానికీ మధ్య ఎవరిదీ కాని సరిహద్దు పట్టీలు మావి, నిద్రకూ మెలకువకూ మధ్య ఉండే స్థితి కూడా మా భూభాగమే అన్నారు. ఆ రెండో నిబంధన ప్రకారం మధ్యాహ్నం రెండున్నరకు మన సచివాలయాల్లో ఎంతమంది ఆ దేశ పౌరులో లెక్క తేలదు. గమనించాల్సింది వేరే. మామూలు తిరుగుబాటుదారులు రాజ్యాన్ని కూలదోస్తారు. వీళ్లు ఉన్న రాజ్యం చాలదని ఇంకొకటి పెట్టుకుని, దానికి జాతీయగీతం కట్టి, పాస్‌పోర్టులు జారీ చేశారు.

ఇదే ఎల్‌గ్రెన్ ఒక సీడీ విడుదల చేస్తూ, అది తల్లి కడుపులో ఉన్నప్పుడు ఇంకా మొలవని తన పళ్లనే రికార్డరుగా వాడి నమోదు చేసిన శబ్దమని ప్రకటించాడు. పద్మవ్యూహం పాఠాన్ని అభిమన్యుడు గర్భంలోనే విన్నాడు గానీ రికార్డు చేసుకోలేదు, ఫలితం ఏమైందో మనకు తెలుసు. స్వీడన్‌లో పుట్టుకకు ముందే ఫైలు తెరుస్తారు. మూయడం మాత్రం చావుతో కూడా కుదరదు. 1959లో ఫ్రెడ్రిక్ యూర్గెన్సన్ అనే చిత్రకారుడు పక్షుల కూతలు రికార్డు చేసి వింటుంటే అందులో మనుషుల గొంతులు వినిపించాయట. అవి చనిపోయినవాళ్ల గొంతులని తేల్చుకుని, మిగిలిన జీవితమంతా టేపులు నింపాడు. పోయినవాళ్లు ఒకే వాక్యంలో నాలుగైదు భాషలు కలిపి మాట్లాడతారని కూడా ఆయన గమనించాడు, మన ఎఫ్‌ఎం యాంకర్ల మాదిరిగా. ఆ టేపుల్ని తర్వాత వెలికితీసి ప్రదర్శనలకు పెట్టింది పైన చెప్పిన జంట రాజుల్లో ఒకరు, హౌస్‌వోల్ఫ్.

ఇక వాయిద్యం. కంచు మోగినట్టు కనకం మోగదని మనవాళ్లు ఏనాడో తేల్చారు. గోథెన్‌బర్గ్ వాళ్లు ఇంకో మెట్టు దిగి, తుప్పు రేకు మోగినట్టు కంచు కూడా మోగదని కనుక్కున్నారు. రేకు ఎక్కడైనా దొరుకుతుంది. కష్టమంతా దాని మోతను స్పీకరు దాకా చేర్చే సామాన్ల వరసలో ఉంది.

మొదటిది రేకుకే అతికించి దాని అదురును పట్టే కాంటాక్ట్ మైకు. అదంటే బజర్లలో ఉండే, అదురును కరెంటుగా మార్చే పీజో బిళ్లే: 27 మిల్లీమీటర్ల ఇత్తడి బిళ్ల, మధ్యలో తెల్లటి సెరామిక్. నడిమి తెలుపు మీద ఒక తీగ, ఇత్తడి అంచు మీద రెండో తీగ అతకాలి. తెలుపు మీద సోల్డరింగ్ ఐరన్‌ను రెండు మూడు సెకన్లకు మించి ఆనిస్తే పైనున్న వెండి పూత లేచిపోయి బిళ్ల చేతికొచ్చినట్టే. అతికాక ఇన్సులేషన్ టేపు చుట్టకపోతే వేలు తగిలినప్పుడల్లా 50 హెర్ట్జ్ కరెంటు గుంయ్‌మంటుంది. కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు దాన్ని తిన్నగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చడం. లైన్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (వచ్చే కరెంటుకు అది పెట్టే అడ్డు) 10 కిలోఓమ్‌ల దరిదాపుల్లో ఉంటుంది, బిళ్ల కెపాసిటెన్స్ (విద్యుదావేశం పట్టే శక్తి) సుమారు 20 నానోఫారడ్‌లు. ఈ రెండూ కలిసి 800 హెర్ట్జ్ కింద ఉన్నదంతా క్రమంగా మింగేస్తాయి. ఉరమాల్సిన రేకు గిన్నెలో గరిటె పడ్డట్టు వినిపిస్తుంది. అదే 1 మెగాఓమ్ ఇన్‌పుట్ ఉన్న ప్రీఆంప్‌నో (బలహీన సంకేతాన్ని ముందుగా పెంచే డబ్బా), గిటార్ పెడల్‌నో మధ్యలో పెడితే కోత 8 హెర్ట్జ్ దగ్గరికి దిగిపోతుంది, ఉరుము తిరిగొస్తుంది. నాగరికతను ధిక్కరించాలన్నా ముందు ఇంపెడెన్స్ కుదరాలి.

ఆ తర్వాత పెడళ్లు. పెద్దలు గౌరవించేది బాస్ కంపెనీ హెచ్‌ఎమ్-2. 1983లో వచ్చి 1991లో ఆగిపోయిన ఈ నల్ల డబ్బాకు నాలుగు మీటలు. నాలుగూ కుడివైపు చివరికంటా తిప్పితే రంపపు మిల్లు మోత వస్తుందని స్టాక్‌హోమ్ డెత్ మెటల్ కుర్రాళ్లు కనిపెట్టారు. దేవుణ్ణి నమ్మనివాళ్లు కూడా ఆ మీటలను మాత్రం వెనక్కి తిప్పరు. పెడళ్లన్నిటికీ ఒకే అడాప్టర్ నుంచి గొలుసు వైరు తగిలిస్తే డిజిటల్ పెడల్ నుంచి సన్నని కూత మిగతావాటిలోకి పాకుతుంది. ఆ కూత సహించక ఒక్కో పెడల్‌కు విడివిడిగా కరెంటిచ్చే ఐసొలేటెడ్ సప్లై కొంటారు. అక్కర్లేని గోల లేకుండా చూసుకున్నాకే అసలు గోల మొదలవుతుంది.

విడుదల వంటింటి బల్ల మీద జరుగుతుంది. మామూలు కొలత సీ-20 క్యాసెట్, పక్కకు పది నిమిషాలు, 50 కాపీలు. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది కాబట్టి ఒక్కో క్యాసెట్లో 28.6 మీటర్ల సంగీతం అన్నమాట. బట్టల కొట్లో లాగా మీటర్ల లెక్కన అమ్మే కళ ఇదొక్కటే. ఒకే డెక్ (క్యాసెట్ రికార్డరు) మీద మామూలు వేగంతో 50 కాపీలు తియ్యాలంటే వెయ్యి నిమిషాలు, అంటే 16 గంటల 40 నిమిషాలు. రెట్టింపు వేగం మీట డెక్ మీద ఉంటుంది గానీ నొక్కితే పై పౌనఃపున్యాలు మసకబారతాయి. గోలలో మసకేమిటని అడిగే హక్కు మీకుంది. అక్కడ మాత్రం అడగకండి.

రికార్డు చేసేటప్పుడు డెక్ మీది శబ్ద మట్టం చూపే ముల్లు సున్నా దాటి, +3 దగ్గర ఊగాలి. ఫెర్రిక్ టేపు (ఐరన్ ఆక్సైడ్ పూత ఉన్న మామూలు రకం) అక్కడ కిక్కిరిసి, చురుకైన అంచులు ముందు నలిగి, రొదకు బొంత కప్పినట్టు ఒక నిండుతనం వస్తుంది. ఇంకా ఎక్కిస్తే బురద. టేపు హిస్‌ను (వెనకాల వినిపించే సన్నని ‘స్‌స్’ను) తగ్గించే డాల్బీ ఏర్పాటును తప్పనిసరిగా ఆపెయ్యాలి. కొనేవాడి డెక్‌లో డాల్బీ ఉండదు, ఉన్నా లెక్క కలవదు, పై స్వరాలు ఇష్టమొచ్చినట్టు గెంతుతాయి. పైగా హిస్ తీసేస్తే కొందరి ఆల్బమ్‌లలో మిగిలేది చాలా తక్కువ. నాలుగైదు కాపీలకోసారి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్ల ముంచి, టేపు రాసుకుంటూ పోయే హెడ్ తుడవాలి, గోధుమ రంగు పొడి దిగుతుంది. పాత క్యాసెట్ల మీద రికార్డు చేసే పొదుపరులైతే పై అంచున విరిగిన చెవుల గుంతలకు సెల్లోటేపు అతికించాలి, లేకుంటే రికార్డు మీట దిగదు. పాతదాన్ని చెరిపే ఎరేజ్ హెడ్ మురికిపట్టి ఉంటే పాత టేపులోని ఉపన్యాసకుడి గొంతు అడుగున గొణుగుతూ ఉంటుంది. యూర్గెన్సన్ వారసత్వం అని చెప్పుకోవచ్చు.

అట్టకు జిరాక్సు, జిరాక్సుకు జిరాక్సు, బొమ్మ నల్లబడి ఎవరో ఏమిటో తెలియనంత వరకు. లోపల చేత్తో 17/50 అని సంఖ్య, రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజుకు వేసినట్టు. ఇక పంపిణీ. ఒకరి టేపు ఇంకొకరికి, వాళ్లది వీళ్లకు. ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం. శనగలు ఉండవు గానీ బబుల్ కవర్ ఉంటుంది. మిగిలిన కొద్ది కాపీలు డబ్బిచ్చి కొనేవాళ్లకు.

ఆ కొన్నవాళ్లలోనే మహాభక్తులుంటారు. వాళ్ల డెక్‌లో హెడ్ కాస్త ఒరిగి ఉంటుంది, పై స్వరాలన్నీ మాయమై, రేకు మోత నీళ్లలో మునిగిన చర్చి గంటలా వినిపిస్తుంది. పరవశించి లేబుల్‌కు రెండు పేజీల ఉత్తరం రాస్తారు: వినికిడి హద్దుల్ని చెరిపేశారు, మౌనాన్ని శిల్పంగా చెక్కారు, అని. లేబుల్ గుమాస్తా ఎంత మర్యాదస్తుడైనా దానికి ఇవ్వాల్సిన జవాబు ఒక్కటే: హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, పాట మోగుతుండగా పావు మలుపు తిప్పి చూడండి.