నాలుగో మైకు విషయమై క్వార్టెట్ గారికి విన్నపం

అమెరికా దక్షిణాదిన క్రైస్తవ గీతాలను నలుగురు నాలుగు గొంతులతో పాడే సంప్రదాయమైన మహారాజశ్రీ సదరన్ గాస్పెల్ క్వార్టెట్ గారి సముఖమునకు, అలబామాలోని బర్మింగ్‌హామ్ నుండి మీ పాత శ్రోత నమస్కరించి వ్రాయునది ఏమనగా: ఉభయకుశలోపరి. మేమంతా ఇక్కడ క్షేమం. మీ నలుగురి క్షేమసమాచారం తెలియజేయగలరు. మరీ ముఖ్యంగా నాలుగో వారి సంగతి తెలియజేయగలరు, ఎందుకంటే మొన్న శనివారం కచేరీకి ఆయన రాలేదు, ఆయన గొంతు మాత్రం వచ్చింది.

గోడపత్రం మీద నాలుగు ముఖాలు, నాలుగు టైలు ఉన్నాయి. ఆ నాలుగింటినీ నమ్మి నేను రెండు గంటలకు పైగా కారు నడిపి, ఇరవై డాలర్లు పెట్టి టికెట్టు కొని, మూడో వరుసలో ఒక మడత కుర్చీలో కూర్చున్నాను. వేదిక మీద నాలుగు మైకులు నిలబెట్టి ఉన్నాయి. ఒకే రంగు కోట్లు వేసుకొన్న ముగ్గురు వచ్చారు. నాలుగో ఆయన కారు దారిలో ఆగిపోయిందేమో, కోటు గుండీ ఊడిందేమో అని నేను ఆయన తరఫున సాకులు వెతుకుతూ ఉండగానే పాట మొదలైంది. పల్లవి దగ్గరకు వచ్చేసరికి, నా కుర్చీ కాళ్ళు అదిరేటట్టుగా, ఒక బేస్ గొంతు, అంటే నాలుగింటిలోకీ కింది గొంతు, స్పీకరు పెట్టెలోనుంచి దిగివచ్చింది. నాలుగో మైకు ముందు ఎవరూ లేరు. పాట అయ్యాక పై గొంతు పాడే టెనర్ గారు చిరునవ్వుతో వివరించారు. బేస్ పాడే సోదరుడు కొన్ని నెలల కిందటే వేరే బృందంలో చేరిపోయారట. అయినా ఆయన ముందే పాడి రికార్డు చేసి ఉంచిన ట్రాకులు తమ దగ్గరే ఉన్నందువల్ల శ్రోతలకు ఏ లోటూ రాదట. సభ చప్పట్లు కొట్టింది. మనిషి కొలువు మానేసినా ఆయన గొంతు మాత్రం అక్కడే వెట్టిచాకిరీ చేస్తూ ఉన్నదన్నమాట. ఆ మైకునైనా తీసివేశారా అంటే అదీ లేదు. పెళ్ళికి రాని బావగారి కోసం వేసి ఉంచిన విస్తరిలాగా అది చివరిదాకా అలాగే ఉంది.

ఆ బృందం పేరు నేను ఎత్తను. ఎత్తినా ప్రయోజనం లేదు, ఎందుకంటే ఈ విద్య ఆ ముగ్గురు కనిపెట్టింది కాదు. మీ లెక్కలో క్వార్టెట్ అంటే చాలాకాలం ఐదుగురు: పాడేవారు నలుగురు, పియానో వాయించేవారు ఒకరు. 1948లో అట్లాంటాలో స్టేట్స్‌మెన్ క్వార్టెట్‌ను స్థాపించి నడిపించిన హోవీ లిస్టర్ ఆ ఐదో మనిషే. ఆ ఐదో మనిషిని తీసివేసి అతడి స్థానంలో టేపు పెట్టినప్పుడు మేము ఊరుకొన్నాం. తరువాత స్టూడియోలో ఒక్కొక్క గొంతును పొరలు పొరలుగా రికార్డు చేసి, వేదిక మీద నలుగురు పాడుతూ ఉంటే పెట్టెలోనుంచి ఎనిమిదిమంది వినిపించేటట్టు చేశారు. దానికీ ఊరుకొన్నాం. నలుగురు ఉన్నచోట ఎనిమిదిమందిని వినడానికి అలవాటుపడిన చెవులకు, ముగ్గురు ఉన్నచోట నలుగురు వినిపిస్తే వచ్చిన నష్టమేమిటని మీరు నన్ను అడగవచ్చు. అడగండి. ఆ ప్రశ్నకు జవాబుగానే ఈ ఉత్తరం వ్రాస్తున్నాను.

మీ వంశచరిత్ర నాకు తెలియదని అనుకోకండి. 1910లో టెనెస్సీ రాష్ట్రంలోని లారెన్స్‌బర్గ్‌లో జేమ్స్ డి. వాన్ అనే ప్రచురణకర్త తన పాటల పుస్తకాలను అమ్ముకోవడానికి నలుగురు గాయకులను ఊళ్ళ మీదకు పంపాడు. అంటే మీరు పుట్టినది పుస్తకాల అమ్మకందార్లుగా. ఆయన దగ్గర 1920ల నాటికి ఏకకాలంలో పదహారు దాకా క్వార్టెట్లు తిరిగేవి. అందువల్ల విరామ సమయంలో మీరు వేదిక దిగి, సీడీలూ టీషర్టులూ పరిచిన బల్ల వెనుక నిలబడితే నాకు పేచీ లేదు, అది వంశాచారం. పైగా ఆ పుస్తకాల వల్ల జరిగిన మేలును నేను కాదనను. వాటిలో మన సరిగమల వంటి డో రె మి స్వరాలను ఆకారాలతో అచ్చువేసేవారు. డో అంటే త్రిభుజం, మి అంటే డైమండు, లా అంటే చతురస్రం. మా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం పాట నెత్తిన రాగమూ తాళమూ అచ్చువేసి, మిగిలినదంతా పాడేవాడి చెవికి వదిలివేస్తుంది. మీ పుస్తకం మాత్రం ఏడు ఆకారాలతో, పత్తిచేలలో పని చేసుకొని బ్రతికే కుటుంబాలచేత నాలుగు గొంతుల సంగీతాన్ని చూసి పాడించింది. ఇది గొప్ప పని. ఇంత గొప్ప పని చేసినవారు చివరకు ఒక గొంతును పెట్టెలో పెట్టి తాళం వేయడమే నాకు మింగుడుపడటం లేదు.

మీరు చెప్పే అబద్ధాలన్నింటి మీదా నాకు కోపం లేదని కూడా మనవి చేస్తున్నాను. 1934లో మిసిసిపీ రాష్ట్రంలోని చాక్టా కౌంటీలో, ఒక కౌలు రైతు ఇంటినుంచి బయలుదేరిన బ్లాక్‌వుడ్ బ్రదర్స్‌లో అన్నదమ్ములు ముగ్గురే: రాయ్, డాయిల్, జేమ్స్. నాలుగోవాడైన ఆర్. డబ్ల్యూ. పెద్దన్న రాయ్ కొడుకు. చిన్నాన్న జేమ్స్‌కూ ఆ అబ్బాయికీ వయస్సులో రెండేళ్ళే తేడా ఉన్నందువల్ల కనిపెట్టడం కష్టమే కాని, బ్రదర్స్ అన్న మాటలో మొదటిరోజునుంచే పావు వంతు అబద్ధం ఉంది. ఆ పావు వంతును నేను సంతోషంగా మన్నిస్తాను, ఎందుకంటే ఆ అబద్ధం కోటు వేసుకొని వచ్చి మైకు ముందు నిలబడి పాడింది. ఓక్‌రిడ్జ్ బాయిస్ అనే బృందంలో బాయిస్‌కు ఎనభై ఏళ్ళు వచ్చినా, 2023లో వీడ్కోలు యాత్ర ప్రకటించి మరుసటి ఏడు కూడా వీడ్కోలు చెబుతూనే ఉన్నా నేను నవ్వుకొని ఊరుకొన్నాను. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకొని మరో గంట మాట్లాడే చుట్టాలు మాకూ ఉన్నారు. కాని 2024 జనవరిలో వారి టెనర్ జో బాన్సల్ అనారోగ్యం వల్ల తప్పుకొన్నప్పుడు, ఆ స్థానంలో బెన్ జేమ్స్ అనే యువకుడు వచ్చి నిలబడ్డాడు. నేను అడుగుతున్నది అంతమాత్రమే.

1971లో మీలో కొందరి మీద ఓట్ల గోల్‌మాల్ ఆరోపణ వచ్చి గాస్పెల్ సంగీతానికి ఇచ్చే ఆ ఏటి డవ్ అవార్డులనే రద్దు చేయవలసి వచ్చిన సంగతిని నేను ఇక్కడ ఎత్తడం లేదు. మెంఫిస్‌లో ఎల్విస్ ప్రెస్లీ అనే కుర్రవాడు మీ కుర్రకారు బృందమొకదానిలో చేరబోతే వద్దని పంపివేసి, అతడు పేరుపొందిన తరువాత అతడి వెనుకనే నిలబడి పాడిన వైనాన్ని కూడా ఎత్తడం లేదు. 1930లలో వర్జీనియాలోని నార్‌ఫోక్‌నుంచి వచ్చిన గోల్డెన్ గేట్ క్వార్టెట్ వంటి నల్లజాతి బృందాల లయను చెవులారా నేర్చుకొని, మీ వేదికలను మాత్రం దశాబ్దాల తరబడి తెల్లవారికే ఉంచుకొన్న విషయమై వేరే ఉత్తరం వ్రాస్తాను. అది ఇంత మర్యాదగా ఉండదు.

ప్రస్తుతానికి బేస్ గొంతు సంగతి చూద్దాం. మా నాన్నగారు గుంటూరులో చర్చి క్వాయర్‌లో ముప్ఫై ఏళ్ళకు పైగా బేస్ పాడారు. ఆయనకు జ్వరం వచ్చిన ఆదివారం మిగిలిన మూడు వరుసలవాళ్ళూ యథాప్రకారం పాడారు. పాట ఒక కోడు విరిగిన మంచంలాగా ఉందని మా అమ్మ ఇంటికి వచ్చి చెప్పింది. అయినా ఆ పాటలో మోసం లేదు, లోటు లోటుగానే వినిపించింది. మీ పాటలో టెనర్ పైన ఎగురుతుంది, లీడ్ కథ చెబుతుంది, బారిటోన్ సందులు పూడుస్తుంది. బేస్ పాడేవాడు మాత్రం, మిగిలిన ముగ్గురూ ఆగినచోట, ఒంటరిగా మెట్టు మెట్టుగా కిందికి దిగివెళ్ళి చిట్టచివరి స్వరం మీద కూర్చుంటాడు, అతడు అంత లోతుకు దిగగలడా లేదా అని సభ అంతా ఊపిరి బిగబట్టి చూస్తుంది. దిగలేకపోవచ్చు. ఆ రోజు అతడికి గొంతు బొంగురుపోయి ఉండవచ్చు. నేను టికెట్టు కొన్నది ఆ సందేహం కోసమే. పెట్టెకు జలుబు చేయదు, పెట్టె ఎప్పుడూ దిగుతుంది, నిన్న ఎక్కడికి దిగిందో సరిగ్గా అక్కడికే దిగుతుంది. దానికి సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టడమంటే, లిఫ్టు కింది అంతస్తుకు వచ్చిందని హారతి ఇవ్వడమే. వచ్చేసారి నేను కూడా నా చప్పట్లను రికార్డు చేసి పంపి ఇంట్లో పడుకొంటాను. శ్రోతలకు లోటు రానట్టే మీకూ ఏ లోటూ రాదు.

ఆ కోపంతోనే విరామంలో లేచి బయటకు వచ్చాను. బర్మింగ్‌హామ్‌కు తిరిగి వచ్చే దారిలో క్లాంటన్ ఊరు తగులుతుంది. పీచ్ పండు ఆకారంలో కట్టిన అక్కడి నీళ్ళ ట్యాంకు హైవే మీదనుంచే కనిపిస్తుంది. మీకు ఆ ఊరు గుర్తు ఉండవలసినది. 1954 జూన్ 30న అక్కడి పీచ్ పండుగలో పాడటానికి బ్లాక్‌వుడ్ బ్రదర్స్ తమ సొంత విమానంలో వచ్చారు. అంతకు రెండు వారాల ముందే వారు ఆర్థర్ గాడ్‌ఫ్రే టీవీ కార్యక్రమంలో గెలిచి దేశమంతటికీ తెలిశారు. ఆ సాయంత్రం విమానాన్ని ఒకసారి పైకి తీసుకువెళ్ళి దించి చూద్దామని ఆర్. డబ్ల్యూ. బయలుదేరాడు. ఆ మేనల్లుడే, క్షమించాలి, ఆ అన్న కొడుకే, బారిటోన్ పాడేవాడు, విమానం నడిపేవాడు కూడా. బేస్ పాడే బిల్ లైల్స్ అతడితో వెళ్ళాడు, ఊరి యువకుడొకడు కూడా ఎక్కాడు. దిగేటప్పుడు విమానం కూలి మంటలంటుకొంది. ముగ్గురూ చనిపోయారు. మంటల వైపు పరుగెత్తబోయిన జేమ్స్‌ను, అదే కార్యక్రమానికి వచ్చిన స్టేట్స్‌మెన్ గాయకుడు జేక్ హెస్ పట్టుకొని ఆపాడు.

అప్పటికి ఆ బృందానికి ఆర్‌సీఏ విక్టర్ రికార్డులు ఉన్నాయి. బిల్ లైల్స్ గొంతు ఆ రికార్డుల మీద భద్రంగా ఉంది. కావాలంటే వేదిక మీద ఒక గ్రామఫోను పెట్టుకోవచ్చు. ఆ ఆలోచన ఎవరికీ వచ్చి ఉండదు. ఇక పాడనే పాడనని జేమ్స్ అన్నాడంటారు. కాని కొద్దివారాలలోనే ఆర్. డబ్ల్యూ. తమ్ముడు సెసిల్ బారిటోన్ స్థానంలో నిలబడ్డాడు. బేస్ స్థానంలోకి సన్‌షైన్ బాయిస్ అనే మరో బృందంనుంచి జె. డి. సమ్నర్ వచ్చాడు. అత్యంత కింది స్వరానికి గిన్నిస్ రికార్డు చాలాకాలం ఆయన పేరనే ఉండేది. విమానం మాట మళ్ళీ ఎత్తకుండా వారు బస్సు కొన్నారు. గాయక బృందాలు బస్సులో పడకలు వేయించుకొని ఊరూరా తిరిగే పద్ధతికి ఆద్యుడుగా సమ్నర్‌నే చెప్పుకొంటారు. చనిపోయినవాడి మైకు ముందుకు రెండో మనిషి వచ్చి, పోలికలు భరించి, మొదటివాడి కన్నా లోతుకు దిగి పాడటం ఎంత కష్టమో మీకు నేను చెప్పనక్కరలేదు. మీ బేస్ గాయకుడు చనిపోనైనా లేదు. వేరే బృందంలో, వేరే కోటు వేసుకొని, అదే శనివారం మరోచోట పాడుతూ ఉండి ఉంటాడు. వేరే మనిషిని వెతుక్కోవడానికి బద్ధకించి, జీతం మిగులుతుందని లెక్కచూసుకొని, దాన్ని శ్రోతలకు లోటు రాకపోవడం అంటున్నారు. సిగ్గులేదా?

క్షమించండి, మర్యాద తప్పాను. మనిషి వేదిక మీద లేకుండా గొంతు మాత్రమే వచ్చిన సందర్భాన్ని మీరు నాకు ఎదురు చెప్పబోతున్నారని తెలుసు. 1999 సెప్టెంబరులో లూయీవిల్‌లో జరిగిన నేషనల్ క్వార్టెట్ కన్వెన్షన్‌లో కెథీడ్రల్స్ అనే క్వార్టెట్ ఆ వేదిక మీద చివరిసారి పాడవలసి ఉంది. లీడ్ పాడే గ్లెన్ పేన్ క్యాన్సర్‌తో నాష్‌విల్ ఆసుపత్రిలో ఉన్నాడు. ఆయన మంచం మీదనుంచి ఫోనులో పాడాడు, వేల మంది నిశ్శబ్దంగా విన్నారు. మరుసటి నెలలో ఆయన కన్నుమూశాడు. అది ట్రాకు కాదు. ఆ తీగకు అవతలి కొసన ఒక మనిషి ఊపిరి పీల్చుకొంటూ ఉన్నాడు, తరువాతి పాదం పాడగలడో లేదో ఆయనకే తెలియదు. ఆ ఫోనుకూ మీ పెట్టెకూ తేడా తెలియని స్థితికి మీరు వచ్చి ఉంటే, ఈ ఉత్తరాన్ని ఇక్కడితో చింపివేయండి.

చింపకపోతే మరొక్క మాట. నిన్న మా వీధిలో ఇంకొక గోడపత్రం చూశాను. మళ్ళీ నాలుగు ముఖాలు, నాలుగు టైలు. ఈసారి మోసపోకూడదని, కింద అచ్చువేసిన నంబరుకు ఫోను చేసి, మీ బేస్ గాయకుడు ఆ రోజు స్వయంగా వస్తారా అని అడిగాను. అవతల ఎవరో పెద్దగా దగ్గి, ముక్కు చీదుకొని, అడుగున ఎక్కడో ఇనుప గేటు తీసినట్టున్న గొంతుతో, నేనేనండీ బేస్, ఈ పడిశం తగ్గకపోతే మాత్రం కింది స్వరాలకు హామీ ఇవ్వలేను అన్నాడు.

రెండు టికెట్లు తీసుకొన్నాను. చిత్తగించవలెను.

ఇట్లు,
మూడో వరుస, మడత కుర్చీ