ఎర్ర ఇంటూ మార్కును కాపాడుకుందాం

మా ఆఫీసులో ఒక ఘోరం జరిగింది. మూడేళ్లుగా రోజుకు ఒకటికి రెండుసార్లు క్రమం తప్పకుండా తెగిపోతూ వచ్చిన జడ్ డ్రైవు, పోయిన సోమవారం నుంచి తెగడం లేదు. దీన్ని బాగుచేయడం అంటారని కొందరు ప్రచారం చేస్తున్నారు. ఆ ప్రచారాన్ని ఖండించడానికే ఈ నాలుగు మాటలు.

మాది విజయవాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసు. ఐదు కంప్యూటర్లు, బీరువా మీద రెండు డిస్కుల నాస్ డబ్బా ఒకటి, అంటే అన్ని కంప్యూటర్లూ నెట్‌వర్క్ మీద పంచుకునే ఫైళ్ల గోదాము. క్లయింట్ల లెక్కలన్నీ దాని కడుపులోనే ఉంటాయి. కంప్యూటర్లలో అది జడ్ డ్రైవుగా కనబడుతుంది. లైను తెగితే దాని మీద ఎర్ర ఇంటూ మార్కు పడుతుంది. వెంటనే ఎవరో ఒకరు "సార్, జడ్ పోయింది" అని కేక వేస్తారు. దగ్గరి చుట్టం పోయినట్టు అందరం కుర్చీల్లోంచి లేచి, కాసేపు డబ్బా వైపు చూసి, టీకి వెళ్తాం.

ఇది చిన్న విషయం అనుకోకండి. "సర్వర్ డౌన్" అనే మాట ఒకప్పుడు పెద్ద పెద్ద కౌంటర్ల వెనక కూర్చున్నవాళ్లకే చెల్లేది. ఆ మాట వింటే ఎంతటి కోపిష్ఠివాడైనా "సరే, రేపొస్తా" అని గొడుగు తీసుకుని వెళ్లిపోతాడు. ఐదుగురు పనిచేసే ఆఫీసుకు ఆ హోదా దక్కిందంటే అంతా ఆ డబ్బా చలవే.

అది ఎందుకు తెగుతోందో మాకు తెలియదని కాదు, మరీ ఎక్కువ తెలుసు. అందరూ ఒకేసారి ఎక్సెల్ తెరిస్తే పాపం అదేం చేస్తుంది అన్నది ఆడిటర్ గారి సిద్ధాంతం. టైపింగ్ మేడమ్ గారు ఏసీని అనుమానించారు. నేను మాత్రం శాస్త్రీయంగా నోటు పుస్తకం పెట్టి టైములు రాశాను. శుక్రవారం పదకొండుకు తెగింది. పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం, అనుమానం లేదు. సోమవారం కూడా పదకొండుకే తెగింది. ఆ రోజు రాహుకాలం తొమ్మిదికే అయిపోతుంది. విదేశీ సరుకు కదా, మన పంచాంగం పూర్తిగా ఒంటబట్టలేదని సరిపెట్టుకున్నాను. సిద్ధాంతాలు ఎన్ని ఉన్నా వైద్యం మాత్రం ఒకటే: ఆపి మళ్లీ ఆన్ చేయడం.

ఇలా హాయిగా సాగుతున్న కాపురంలోకి ఆడిటర్ గారి మేనల్లుడు దిగాడు. వస్తూనే, "అంకుల్, ఎర్ర మార్కు పడ్డాక దాని మీద నొక్కి చూశారా?" అన్నాడు. మూడేళ్లలో ఎవరమూ నొక్కలేదు. పోయినవాళ్లను ఎవరు నొక్కి చూస్తారు? వాడు నొక్కాడు. తెరుచుకుంది. పొద్దున్నే కంప్యూటర్ లేచేసరికి నెట్‌వర్క్ ఇంకా అందకపోయినా, కాసేపు ఎవరూ ముట్టుకోకపోయినా విండోస్ ఆ మార్కు పెడుతుందట. పిలిస్తే పలుకుతుందట. అంటే బతికున్నవాడికి మేం ఎన్నిసార్లు టీలు తాగామో లెక్కే లేదు.

తర్వాత నల్ల కిటికీ ఒకటి తెరిచి, పింగ్ అని కొట్టి, రోజంతా అలా వదిలేశాడు. డబ్బాను సెకనుకోసారి "ఉన్నావా?" అని అడగడమే దాని పని. జవాబు వస్తూనే ఉండి ఫోల్డర్ తెరుచుకోకపోతే తప్పు షేరింగులోనో, పాస్‌వర్డులోనో ఉన్నట్టు. జవాబే ఆగిపోతే తీగనో, నెట్‌వర్క్‌లో దాని అడ్రసునో చూడాలి. మా సిద్ధాంతాల్లో ఒక్కదాన్నయినా అడగకుండా ఇలా ఒక కిటికీ మాట నమ్మడం నాకు అవమానంగానే అనిపించింది.

ఇరవై నిమిషాలు పనిలేకపోతే డిస్కులు పడుకునేలా సెట్టింగు ఉంది. లేచి తిరగడానికి వాటికి కొన్ని సెకన్లు పడుతుంది, మా అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌కు అంత ఓపిక లేదు. ఆఫీసులో పట్టపగలు నిద్రకు అనుమతి ఉన్నది ఆ డబ్బాకు ఒక్కదానికే. దాన్నీ రద్దు చేశాడు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రౌటర్ అడ్రసులు కొత్తగా పంచుతోందట. డబ్బా పాత అడ్రసులో ఇప్పుడు ప్రింటర్ కాపురముంటోంది. అద్దె ఇల్లు మారి ఎవరికీ చెప్పని మనిషి కోసం పాత గుమ్మం దగ్గర తలుపు కొడుతున్నామన్నమాట. రౌటర్‌లో డబ్బాకు ఒక అడ్రసు శాశ్వతంగా రాయించాడు.

నేనూ ఒక సలహా ఇచ్చాను. విండోస్ ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి ఎస్ఎంబీ వన్‌ను ఆన్ చేస్తే అన్నీ కలిసిపోతాయని ఏదో వీడియోలో చూశాను. కుర్రాడు చేతులు జోడించాడు. 2017 మేలో వాన్నక్రై వైరస్ ఆ దారినే దూరిందట, మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లను కూడా వదల్లేదట. పోలీసులే ఆపలేనిదాన్ని మన ఆఫీసుకు పిలుస్తారా అన్నాడు. నా సలహా వెనక్కి తీసుకున్నాను.

ఇంతవరకూ సహించాను. కానీ సోమవారం సరిగ్గా పదకొండుకు నల్ల కిటికీలో జవాబులు ఆగిపోయాయి. కుర్రాడు ఒక్క గెంతులో నా బల్ల కింద దూరాడు. కంప్యూటర్ల తీగలన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్ అక్కడే ఉంటుంది, దాన్నుంచి డబ్బాకు పోయే తీగ నా కుర్చీ చక్రాల పక్కగా పోతుంది. తీగ కొసన ఉండాల్సిన ప్లాస్టిక్ క్లిప్పు ఎప్పుడో విరిగిపోయింది. చక్రాల కింద నలిగి లోపలి నాలుగు జతల్లో ఒకటి కూడా తెగిందట. అందుకే వెయ్యి మెగాబిట్లు రావాల్సిన చోట వందే వస్తోందట. వెయ్యికి నాలుగు జతలూ కావాలి, వందకు రెండు చాలు. ఇదంతా చెప్పి, నా నోటు పుస్తకం అడిగి తీసుకుని తిరగేశాడు. "అంకుల్, పదకొండుకు మీరు కాళ్లు చాపుకుంటారా?" అన్నాడు.

ఆఫీసు మొత్తం నా చెప్పుల వైపు చూసింది.

తీగ మార్చారు. కొత్తదాని క్లిప్పు మరీ మొండిది. రోజూ పదకొండుకు కాలితో మెల్లగా తట్టి చూస్తున్నాను, చలించడం లేదు. జూలై 31 దగ్గర పడుతోంది, రిటర్నులు గుట్టగా ఉన్నాయి. ఆడిటర్ గారు టీ కూడా ఆఫీసులోకే తెప్పిస్తున్నారు. నా కుర్చీ చక్రాలు తీయించేశారు.