‘ఒక్కడు కూడా ఉగ్రవాది కాలేదు’ అంటే ప్రోగ్రాం పనిచేసినట్టు కాదండీ

ఈ వారం నాకు ఒకటే పోస్ట్ నలుగురైదుగురి దగ్గర్నుంచి వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: తీవ్రవాదం వైపు పోకుండా వేలమంది కుర్రాళ్ళకి వర్క్‌షాపులు పెట్టారు, తర్వాత వాళ్ళలో ఒక్కడు కూడా ఉగ్రవాది కాలేదు, అంటే నూటికి నూరు శాతం సక్సెస్, అలా మారబోయేవాళ్ళ లక్షణాలు ముందే తెలిసిపోతాయి, ఉద్యోగం చూపిస్తే దారికొస్తారు, కాబట్టి ప్రతి కాలేజీలో పెట్టేయాలి, పనిచేయకపోయినా పోయేదేముంది అని. రాసినవాళ్ళ ఉద్దేశం మంచిదే, నాకు డౌట్ లేదు. కానీ ఇలాంటి లెక్కలు చూపించే డబ్బులు శాంక్షన్ చేయించుకుంటారు కాబట్టి ఊరుకోలేక రాస్తున్నా.

"ఒక్కడు కూడా ఉగ్రవాది కాలేదు."

సరే, వర్క్‌షాప్ పెట్టకపోతే ఎంతమంది అయ్యేవాళ్ళు? ఏ వెయ్యిమంది కుర్రాళ్ళని తీసుకుని ఏ ట్రైనింగూ ఇవ్వకుండా పదేళ్ళు వదిలేసినా దాదాపు ప్రతిసారీ వచ్చే లెక్క సున్నానే. ఎలాగూ సున్నా వచ్చేచోట సున్నా చూపించి మా గొప్పే అంటే ఎలా? పక్కన ఆ ప్రోగ్రాం అందని గ్రూప్ ఒకటి ఉండాలి, రెండు గ్రూపుల్నీ మొదలుపెట్టకముందు ఒకసారి, అయ్యాక ఒకసారి, ఏడాది తర్వాత ఇంకోసారి కొలవాలి. డెన్మార్క్‌లో ఆర్హస్ అనే ఊరి నుంచి 2013లో సిరియా యుద్ధానికి వెళ్ళినవాళ్ళు 30 మంది దాకా ఉంటే 2014లో ఒక్కరు, ఆ ఊరి పోలీసులూ మునిసిపాలిటీ కలిసి నడిపిన మెంటరింగ్ ప్రోగ్రాం వల్లే ఇదంతా అని చాలామంది రాశారు. నాకూ ఆ పద్ధతి మీద గౌరవం ఉంది, కానీ అదే టైంలో ఒక మసీదుతో పోలీసుల చర్చలు, సిరియాలో మారిన పరిస్థితి, ఇవన్నీ నడుస్తున్నాయి కదా, తగ్గుదలలో దేని వాటా ఎంతో పోల్చే గ్రూప్ లేకుండా ఎవరూ తేల్చలేరు. శ్రీలంకలో కొంచెం మెరుగ్గా చేశారు, 2009లో యుద్ధం ముగిశాక ఎల్‌టీటీఈకి చెందిన 11 వేలకు పైగా మందిని ప్రభుత్వం పునరావాస కేంద్రాల్లో పెట్టినప్పుడు, పరిశోధకులు పూర్తి ప్రోగ్రాం అందినవాళ్ళనీ నామమాత్రంగా అందినవాళ్ళనీ ఏడాది పాటు పోల్చి చూశారు. పూర్తిగా అందినవాళ్ళలో తీవ్రవాద భావాలు ఎక్కువ తగ్గాయి. వాళ్ళంతా నిర్బంధంలో ఉన్నవాళ్ళే అనేది మర్చిపోకూడదు గానీ, కనీసం పోలిక అంటూ ఉంది.

"ఫీడ్‌బ్యాక్‌లో అందరూ మారామనే రాశారు" అని కూడా ఉంది ఆ పోస్టులో. నేను కొన్నాళ్ళు ఒక యువజన కార్యక్రమానికి ఈ ఫారాలు కంప్యూటర్లోకి ఎక్కించే పని చేశాను. పదిహేను ప్రశ్నలకి పదిహేను టిక్కులూ కుడివైపు చివరి గడిలోనే, పెన్ను ఎత్తకుండా పైనుంచి కిందకి ఒకటే గీత గీసినవి కూడా కట్టలకి కట్టలు వచ్చేవి. "హింస తప్పని ఒప్పుకుంటారా?" అని అడుగుతూ ట్రైనర్ వెనకాలే నిలబడితే కాదని ఎవడు రాస్తాడు? 2019 నవంబర్‌లో లండన్ బ్రిడ్జి దగ్గర ఇద్దరిని చంపినవాడు జైల్లోనూ విడుదలయ్యాకా మార్పు కోసం పెట్టిన ప్రోగ్రాముల్లో పాల్గొన్నవాడే, ఆ రోజు అతను వచ్చిందే ఖైదీల చదువు, పునరావాసం మీద పెట్టిన సభకి. మారినట్టు కనిపించడం వేరు, మారడం వేరు, ఫారంలో రెండూ ఒకేలా ఉంటాయి.

"లక్షణాలు ముందే తెలిసిపోతాయి."

చిన్న లెక్క వేయండి. 10 లక్షల మందిలో నిజంగా హింసకి దిగేవాళ్ళు 10 మంది అనుకుందాం, మీ లక్షణాల లిస్టు 99 శాతం కరెక్ట్ అనుకుందాం (అంత గొప్ప లిస్టు ఎక్కడా లేదు). ఆ పదిమందితో పాటు ఏ పాపం తెలియని దాదాపు 10 వేల మంది పేర్లు వస్తాయి. బ్రిటన్‌లో 2015లో ఎవరూ తీవ్రవాదం వైపు పోకుండా చూసే బాధ్యత స్కూళ్ళూ ఆస్పత్రుల మీద చట్టంగా పెట్టాక, 2015-16లో అక్కడి ప్రభుత్వం ఇందుకోసమే నడిపే ప్రివెంట్ ప్రోగ్రాంకి 7,631 మంది పేర్లు వెళ్తే చివరికి సాయం అందుకున్నది 381 మంది. మిగతావాళ్ళూ వాళ్ళ ఇంట్లోవాళ్ళూ ఆ అనుమానాన్ని మోసుకుంటూ తిరిగినవాళ్ళే. ఇంకోవైపు 2024 జులైలో సౌత్‌పోర్ట్‌లో ముగ్గురు ఆడపిల్లల్ని పొడిచి చంపినవాడి పేరు ప్రివెంట్‌కి మూడుసార్లు వెళ్ళింది, ఫలానా సిద్ధాంతం అని స్పష్టంగా లేదని మూడుసార్లూ ఫైలు మూసేశారు. లిస్టు అమాయకుల్నీ పట్టుకుంది, పట్టుకోవాల్సినవాణ్ణీ వదిలేసింది.

"ఉద్యోగం చూపిస్తే దారికొస్తారు" అనేది వినడానికి బాగుంటుంది, నిరుద్యోగం మీద ఖర్చు పెట్టొద్దని నేననను. కానీ 2003లోనే అలన్ క్రూగర్, ఇట్కా మాలెచ్కోవా అనే పరిశోధకులు పేదరికానికీ ఉగ్రవాదానికీ నేరుగా సంబంధం పెద్దగా లేదని రాశారు, వాళ్ళు చూసిన లెబనాన్ సాయుధ సంస్థ హెజ్బొల్లా సభ్యులు మామూలు జనం కన్నా పేదవాళ్ళు కాదు, చదువులో వెనకబడినవాళ్ళూ కాదు. అఫ్గానిస్తాన్‌లోని కాందహార్‌లో యువకులకి వృత్తి శిక్షణ ఒక్కటే ఇస్తే వైఖరిలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు, డబ్బు ఒక్కటే ఇస్తే ప్రభుత్వం మీద మంచి అభిప్రాయం కొన్నాళ్ళుండి పోయింది, రెండూ కలిపి ఇస్తే నిలిచింది. పోల్చి కొలిచారు కాబట్టే ఈ తేడా తెలిసింది.

ఇక "పోయేదేముంది". నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఇదే. 1970ల్లో అమెరికాలో రాహ్వే జైలుకి కుర్రాళ్ళని తీసుకెళ్ళి ఖైదీలతో భయపెట్టించే ప్రోగ్రాం మొదలైంది, జనం చప్పట్లు కొట్టారు, వేరే చోట్లా పెట్టారు. తర్వాత అలాంటి ప్రోగ్రాములని సరిగ్గా పోల్చి చూస్తే వెళ్ళొచ్చినవాళ్ళే వెళ్ళనివాళ్ళ కన్నా ఎక్కువ నేరాలు చేశారని తేలింది. అది మామూలు నేరాల సంగతి. ఇక్కడైతే ఒక మతం పిల్లల్నో ఒక వాడ పిల్లల్నో విడిగా పిలిచి మీరు ఉగ్రవాదులు కాకుండా చూస్తాం అంటే, మమ్మల్ని ఇలా చూస్తున్నారా అనే బాధ ఆ పిల్లల్లో పుట్టదా? వాళ్ళని లాక్కోవాలని చూసేవాడు వాడుకునేది సరిగ్గా ఆ బాధనే.

ఆ పోస్ట్ రాసినవాళ్ళని అడిగేది ఒకటే. ఎవరిలో ఏది మారాలనుకున్నారు, మొదటి వర్క్‌షాప్‌కి ముందు అది ఎంత ఉంది, ట్రైనింగ్ అందని కుర్రాళ్ళలో ఏం జరిగింది, మధ్యలో మానేసినవాళ్ళు ఎంతమంది, ఎందుకు మానేశారు. ఈ కాగితాలు ఉంటే పెట్టండి, మొత్తం చదువుతాను, నేను తప్పైతే ఇక్కడే ఒప్పుకుంటాను.