కారులో వెళ్తుంటే ముందు పార్కింగ్ అడగండి, లొకేషన్ తర్వాత

సిటీలో బసకి హోటల్ రూమ్ వెతికేటప్పుడు మన బడ్జెట్‌కి అందేవి చివరికి రెండు మిగులుతాయి. ఒకటి నడిబొడ్డున ఉంటుంది. బయట అడుగు పెడితే చాలు, మనకి కావాల్సినవన్నీ అక్కడే. పార్కింగ్ గురించి మాత్రం 'ఉంది' అని ఒకే ఒక్క ముక్క. రెండోది నాలుగైదు కిలోమీటర్లు అవతల. చుట్టుపక్కల చూడ్డానికి ఏమీ ఉండదు, కానీ సొంత గేటు, సొంత సెల్లార్, గీతలు గీసిన చోటు ఉంటాయి. అద్దెలో పెద్ద తేడా ఉండదు. ఏది తీసుకోవాలని అడిగితే చాలామంది ఆలోచించకుండా మొదటిదే అంటారు. "రూమ్‌లో ఉండేదెంతసేపు, లొకేషన్ బాగుంటే చాలు" అంటారు. సొంత కారులో వెళ్లేవాళ్లకి ఈ సలహా ఇవ్వకండి, దయచేసి.

లొకేషన్‌లో లోటుంటే పూడ్చుకోవడానికి దారులున్నాయి. మెట్రో ఎక్కొచ్చు, బస్సెక్కొచ్చు, క్యాబ్ పిలుచుకోవచ్చు, ఏదీ కాకపోతే అరగంట ముందు బయల్దేరొచ్చు. పార్కింగ్‌లో లోటుంటే రాత్రి పదకొండింటికి దాన్ని పూడ్చే దారి లేదు. వెనక సీట్లో పిల్లలు నిద్రపోతుంటారు, డిక్కీ నిండా లగేజీ, పొద్దుట్నుంచి బండి నడిపి నడుం పట్టేసిన మనిషి స్టీరింగ్ ముందు. అప్పుడు రిసెప్షన్‌లో "ఫుల్ అయిపోయింది సార్, బయట ఎక్కడైనా పెట్టుకోండి" అంటే, తెలియని ఊళ్లో ఆ 'ఎక్కడైనా' ఎక్కడుంటుంది?

అసలు నా కోపమంతా 'పార్కింగ్ ఉంది' అనే మాట మీదే. ఆ ఒక్క మాట కింద ఏమేం దాచేస్తారో చూడండి. హోటల్ ఆవరణలో మన కారుకంటూ ఒక గడి ఉండటం పార్కింగే. హోటల్ ముందు రోడ్డు పక్కన, పోలీసులు వచ్చేదాకా నిలబెట్టుకోవడమూ వాళ్ల లెక్కలో పార్కింగే. పక్క వీధిలో వేరేవాళ్లు నడిపే పెయిడ్ పార్కింగ్ కూడా అంతే. యాభై గదులకి ఎనిమిది కార్ల చోటు ఉన్నా పార్కింగ్ ఉన్నట్టే, ముందొచ్చిన ఎనిమిది మందికి. బుకింగ్ సైట్లో వీటన్నిటికీ అదే గుర్తు, అదే టిక్కు. 'ఖాళీని బట్టి' అన్న మాట చిన్నక్షరాల్లో ఎక్కడో కింద ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు.

నేను బస చేసిన ఒక హోటల్లో సెల్లార్ ఉన్నమాట నిజమే. దిగి చూస్తే కార్లు ఒకదాని వెనక ఒకటి, మూడు వరసలు. మాది మధ్య వరసలో పెట్టించారు. "హ్యాండ్‌బ్రేక్ వేయకండి సార్, న్యూట్రల్‌లో వదిలేయండి, తాళాలు నాకివ్వండి" అన్నాడు వాచ్‌మన్. లిఫ్ట్ పక్కన ప్లైవుడ్ ముక్కకి మేకులు కొట్టి ఉన్నాయి, ఒక్కో మేకుకీ ఒక తాళం, కింద స్కెచ్ పెన్నుతో రూమ్ నంబర్. ఆ బోర్డు దగ్గర రాత్రంతా ఎవరైనా ఉంటారా అంటే ఆ వాచ్‌మనే గేటూ చూసుకోవాలి, పైన లగేజీ మోయడానికీ వెళ్లాలి. తెల్లారకముందే రిసెప్షన్ నుంచి ఫోను. మా వెనక కారాయన బయల్దేరాలట, వాచ్‌మన్ డ్యూటీ మారిందట, కొత్తాయనకి మా బండి తీయడం రాదట. నేను కిందికి వెళ్లి, కళ్లు నులుముకుంటూ ఒక స్తంభానికీ ఇంకో కారు బంపర్‌కీ మధ్యనుంచి బండి బయటికి తీసి, మళ్లీ లోపల పెట్టాను. ఆ వాచ్‌మన్ మీద నాకు ఏ కోపమూ లేదు. పది కార్లు పట్టే చోట పాతిక కార్లు సర్దమని అతన్ని నిలబెట్టినవాళ్ల మీదే నా కోపం.

సెల్లార్ ఉందనగానే నిశ్చింతగా ఉండకూడదు, కొలతలు కూడా చూసుకోవాలి. బ్రిటన్‌లో మామూలుగా పాటించే పార్కింగ్ గడి కొలత 2.4 మీటర్ల వెడల్పు, 4.8 మీటర్ల పొడవు. ఇప్పుడొస్తున్న మధ్యరకం ఎస్‌యూవీలు అద్దాలు కలపకుండానే 1.8 మీటర్ల వెడల్పుంటాయి. పక్కపక్కన రెండు పెడితే, ఇద్దరూ గడి మధ్యలోనే నిలిపినా, మధ్యలో మిగిలేది 60 సెంటీమీటర్లు. అందులోంచే తలుపు తీసుకుని మనిషి దిగాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లయితే అక్కడ దిగలేరు, ముందే గుమ్మం దగ్గర దింపేయాలి. ఆ గుమ్మం ముందు రెండు నిమిషాలు బండి ఆపే వీలుందా అన్నది ఇంకో ప్రశ్న. చవక హోటళ్లలో చాలావరకు గడికి ఈ కొలత కూడా ఉండదు.

ఎత్తు సంగతి ఇంకా ముఖ్యం. సెల్లార్లకీ మల్టీలెవెల్ పార్కింగులకీ ఎత్తు హద్దు చాలాచోట్ల 2 మీటర్ల అటూఇటూనే ఉంటుంది. పైన క్యారియర్ బిగించి సామాను కట్టుకున్న బండి ఆ హద్దు సులువుగా దాటేస్తుంది. ర్యాంప్ సగం దిగాక ఈ సంగతి తెలిస్తే వెనక ఇంకో కారు హారన్ కొడుతుంటుంది. లిఫ్టులా పైకెత్తి ఒకదాని మీద ఒకటి కార్లు పెట్టే మెషిన్ పార్కింగ్ అయితే ఎత్తుతోపాటు బరువుకీ హద్దుంటుంది. పెద్ద బ్యాటరీ ఉన్న ఎలక్ట్రిక్ కార్లు అదే సైజు పెట్రోల్ కార్లకన్నా చాలా బరువు, కాబట్టి వాళ్లు తప్పకుండా అడగాలి. ఆ మెషిన్ నడిపే మనిషి రాత్రి ఎన్నింటిదాకా ఉంటాడో కూడా అడగాలి. అతను ఇంటికి వెళ్లిపోతే మన కారు తెల్లారేదాకా పైనే.

ఇక లొకేషన్ దగ్గరికి వద్దాం. అది ముఖ్యం కాదని నేను అనను. కానీ ఏ లొకేషన్? 'సిటీ సెంటర్‌కి 1 కిలోమీటర్' అని రాస్తారు. ఆ సెంటర్ అంటే మ్యాపులో ఒక చుక్క. మన పని ఆ చుక్క దగ్గర ఉండదు. ఆస్పత్రిలో ఉంటుంది, పరీక్షా కేంద్రంలో ఉంటుంది, బంధువుల ఇంట్లో ఉంటుంది. పైగా ఆ దూరాన్ని తరచుగా గీత గీసినట్టు కొలుస్తారు. మధ్యలో రైల్వే లైనో నదో ఉంటే ఆ కిలోమీటరు నడకలో రెండవుతుంది. మామూలు నడక గంటకి 5 కిలోమీటర్లు అనుకుంటే కిలోమీటరుకి 12 నిమిషాలు. రెండు కిలోమీటర్లంటే సామానుతో, పిల్లలతో అరగంట దాటుతుంది. కాబట్టి మనం వెళ్లాల్సిన చోటి గుమ్మం నుంచి హోటల్ గుమ్మం దాకా, మనం వెళ్లే టైముకే, మ్యాపులో దారి పెట్టి చూసుకోవాలి. నడకకి ఒకసారి, కారుకి ఒకసారి.

ఎందుకంటే ఈ రెండూ వేరు. నడిచేవాడికి రోడ్డుకి ఎటువైపున్నా హోటల్ హోటలే. కారువాడికి డివైడర్ అడ్డొస్తే యూటర్న్ ఎంత దూరంలో ఉందన్నదే అసలు లొకేషన్. నడిబొడ్డున వీధులు చాలావరకు వన్‌వేలు. గేటు దాటిపోతే మళ్లీ ఆ గేటు ముందుకి రావడానికి ఊరు సగం చుట్టాలి. నడిచేవాళ్లకి వరంలాంటి సెంటర్, కారువాళ్లకి ఆ కారణంగానే నరకం.

ఇది నా ఒక్కడి ఏడుపు కాదు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో పనిచేసిన డొనాల్డ్ షూప్ అనే ప్రొఫెసర్ దశాబ్దాలపాటు పార్కింగ్ మీద పరిశోధన చేశారు. వేర్వేరు నగరాల్లోని రద్దీ వీధుల్లో 1927 నుంచి 2001 దాకా జరిగిన అధ్యయనాల్ని ఆయన ఒకచోట చేర్చి చూస్తే, రోడ్డు పక్కన ఖాళీ వెతుక్కోవడానికి సగటున 8 నిమిషాలు పట్టిందని, ఆ వీధుల్లో తిరిగే బండ్లలో సగటున 30 శాతం కేవలం చోటు కోసం చక్కర్లు కొడుతున్నవేనని తేలింది. అవి రద్దీ ఉన్న చోట్ల లెక్కలు. మనం బుక్ చేసే 'సెంటర్‌లో ఉన్న చవక హోటల్' సరిగ్గా అలాంటి చోటే ఉంటుంది.

కొన్ని దేశాల్లో నడిబొడ్డుకి కారు తీసుకెళ్లడానికే డబ్బు కట్టాలి. లండన్‌లో 2003 నుంచి, స్టాక్‌హోమ్‌లో 2007 నుంచి ఆ పద్ధతి ఉంది. ఇటలీలో చాలా పాత నగరాల మధ్య భాగాల్లోకి బయటి బండ్లని రానివ్వరు, కెమెరాలు నంబర్ ప్లేటు పట్టేస్తాయి. ఆ హద్దులోపల హోటల్ తీసుకున్నవాళ్ల కారు నంబరుని హోటల్‌వాళ్లే అధికారులకి పంపి అనుమతి తీసుకునే వీలు చాలాచోట్ల ఉంది. వాళ్లు పంపకపోయినా, మనం చెప్పడం మర్చిపోయినా, జరిమానా నెలల తర్వాత ఇంటికొస్తుంది. అద్దె కారైతే ఆ కంపెనీ తన ఫీజు కూడా కలుపుతుంది. అక్కడ రూమ్ చవగ్గా దొరికిందన్న ఆనందం ఆ ఒక్క ఉత్తరంతో పోతుంది.

'వాహనాలకు యజమానులదే బాధ్యత' అని గోడకి తగిలించే బోర్డు గురించి కూడా చెప్పాలి. ఆ బోర్డు చూసి మనం నోరు మూసుకుంటాం. అన్నిసార్లూ మూసుకోవక్కర్లేదు. కారు తాళాలు హోటల్ మనిషి తీసుకుని, తనే పార్క్ చేసి, చీటీ ఇచ్చాక ఆ కారు పోతే, బోర్డు చూపించి హోటల్ తప్పించుకోలేదని భారత సుప్రీంకోర్టు 2019లో తీర్పిచ్చింది. కారు అప్పగించారు కాబట్టి జాగ్రత్తగా చూసుకున్నామని నిరూపించాల్సింది హోటలే. ఇంగ్లండ్‌లో కథ వేరు. అక్కడి 1956 నాటి హోటల్ చట్టం, అతిథుల సామాను విషయంలో హోటల్ యజమానికి ఉండే ప్రత్యేక బాధ్యతలోంచి బండినీ, బండిలో వదిలేసిన వస్తువుల్నీ మినహాయించింది. అందుకే ఏ దేశంలోనైనా తాళాలిస్తే చీటీ తీసుకోండి, ఇచ్చే ముందు బండి నాలుగు వైపులా ఫోటో తీయండి, లోపల విలువైనవేవీ వదలకండి.

మరి బుక్ చేసే ముందు ఏం చేయాలి? సైట్లో ఉన్నది నమ్మకుండా నేరుగా హోటల్‌కే ఫోన్ చేయాలి. "పార్కింగ్ ఉందా?" అని మాత్రం అడగకండి, ఆ ప్రశ్నకి వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే. "పార్కింగ్ మీ ఆవరణలోనేనా? రాత్రి పదకొండింటికి వచ్చినా మాకు చోటుంటుందా? తాళాలు ఇవ్వాలా? పొద్దున ఐదింటికి బయల్దేరాలంటే ఎవర్నీ లేపకుండా బండి తీయొచ్చా? సెల్లార్ ఎత్తెంత?" అని అడగండి. నిజంగా చోటున్నవాళ్లు టకటకా చెప్తారు. "మీరు రండి సార్, చూసుకుందాం" అన్నారంటే లేదనే అర్థం. చెప్పిందేదో మెసేజ్‌లో పంపమనండి. గొడవైతే చూపించడానికి చేతిలో ఒక ఆధారం ఉంటుంది. తర్వాత రివ్యూల్లో 'పార్కింగ్' అని వెతికి, ఈమధ్య రాసినవి మాత్రమే చదవండి. పైనుంచి తీసిన శాటిలైట్ ఫోటోలో హోటల్ వెనక స్థలం ఉందో, గోడకి గోడ ఆనుకుని ఉందో కనిపిస్తుంది. పాత ఫోటో అయితే ఆ స్థలంలో ఈపాటికి ఇంకో బిల్డింగ్ లేచి ఉండొచ్చు, తేదీ చూడండి.

డబ్బు లెక్క కూడా సరిగ్గా వేయాలి. గది అద్దెలు పక్కపక్కన పెట్టి ఇది చవక, అది ఖరీదు అనుకుంటే తప్పుతుంది. బయటి పెయిడ్ పార్కింగ్ 24 గంటలకి లెక్కేస్తారా, తేదీ మారితే ఇంకో రోజు కింద లెక్కేస్తారా తెలుసుకోండి. తేదీ ప్రకారమైతే రెండు రాత్రులున్నా మూడు రోజుల డబ్బులు కట్టాలి. మధ్యలో ఒకసారి బండి బయటికి తీసి మళ్లీ పెడితే కొత్తగా కట్టాలా అన్నదీ అడగండి. అవన్నీ కలిపాక సెంటర్ హోటల్ చవక అవునో కాదో తేలుతుంది. అటువైపు దూరం హోటల్‌కి రానూపోనూ మెట్రో ఖర్చో క్యాబ్ ఖర్చో కలపండి. మెట్రో స్టేషన్ నడిచేంత దూరంలో ఉంటే నాకు ఇంక వేరే ఆలోచనే ఉండదు. కారు అక్కడే వదిలేసి ఊరంతా మెట్రోలో తిరుగుతాను. స్టేషన్ లేదు, బస్సు లేదు, రాత్రి క్యాబ్ దొరకదు అంటే మాత్రం ఆ పార్కింగ్ ఎంత బాగున్నా ఒద్దంటాను, రోజూ ప్రతి పనికీ కారు తీసి సెంటర్‌లోకే తీసుకెళ్లాల్సి వస్తే దాన్ని మళ్లీ అక్కడ పెట్టాలి కదా.

రైల్లోనో బస్సులోనో వెళ్లేవాళ్లకి నేను చెప్పినదేదీ వర్తించదు. వాళ్లు కళ్లు మూసుకుని సెంటర్ హోటలే తీసుకోవాలి. నడవలేని పెద్దవాళ్లు వెంట ఉండి, పనంతా సెంటర్‌లోనే ఉంటే కారున్నా అదే మేలు, కాకపోతే దగ్గర్లోని మల్టీలెవెల్ పార్కింగ్‌లో చోటు ముందే విడిగా బుక్ చేసుకోవాలి. వాళ్లని గుమ్మం దగ్గర దింపి బండి అక్కడ పెట్టి రావచ్చు.

హోటళ్లని నేను అడిగేది చాలా చిన్నది. ఎన్ని గదులున్నాయో రాస్తున్నారు. దాని పక్కనే ఎన్ని కార్లకి చోటుందో, ఆ చోటు ఎత్తెంతో, అది మీదో పక్కవాళ్లదో రాయండి. చోటు లేకపోతే లేదని రాయండి. లేదని రాసిన హోటల్‌కి కారు లేనప్పుడు నేనే వస్తాను, పదిమందికీ చెప్తాను. బుకింగ్ సైట్లవాళ్లు ఆ ఒక్క టిక్కు తీసేసి ఈ మూడు వివరాలకీ గడులు పెట్టండి, హోటల్‌వాళ్లు నింపకపోతే ఖాళీగానే చూపించండి. మీలో ఎవరైనా ఈమధ్య కారులో వెళ్లి బస చేసి ఉంటే, గది ఎలా ఉందో రాసేముందు రివ్యూలో మొదటి లైను పార్కింగ్ గురించి రాయండి: లోపలా బయటా, తాళాలు అడిగారా, రాత్రి ఎన్నింటికి వెళ్తే దొరికింది.